పాత కారుకు వైద్య పరీక్ష

సంతలో ఎద్దును కొనే రైతును ఎప్పుడైనా గమనించారా? ముందుగా నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. పళ్లను బట్టి వయస్సు తెలుస్తుంది. తరువాత నాలుగడుగులు నడిపించి చూస్తాడు. కాలులో కుంటు ఉంటే బయటపడుతుంది. కొమ్ములకు పూసిన రంగు చూసి డబ్బు లెక్కపెట్టే రైతు ఉండడు.

పాత కారు కొనేవాడికీ ఈ తెలివి కావాలి. కారుకు కొత్త రంగు వెయ్యడం ఎద్దు కొమ్ములకు రంగు వేసినంత సులభం. ఆ రంగు కింద ఏముందో కనిపెట్టాలంటే మీరు తరగతిలో నేర్చుకునే భౌతిక, రసాయన శాస్త్రాలు అక్కరకొస్తాయి. ఎలాగో ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

ఇంగ్లండులో ఆబింగ్డన్ అనే ఊరు ఉంది. అక్కడి కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు ‘ఎం.జి.బి.’ అనే స్పోర్ట్స్ కారు తయారైంది. మొత్తం 5 లక్షలకు పైగా తయారయ్యాయి. వీటిలో ఎక్కువ భాగం గట్టి పైకప్పు లేని, రెండు సీట్ల కార్లు. ఇంజన్ పరిమాణం 1,798 ఘన సెంటీమీటర్లు. ఈనాటికీ వీటిని ముచ్చటపడి కొనేవారు చాలామంది ఉన్నారు. వాటిలో చిన్నదానికి కూడా ఇప్పుడు 40 ఏళ్లు దాటాయి! కాబట్టి కొనేముందు పరీక్ష తప్పదు.

అసలు బలం ఎక్కడుంది?

లారీకి అడుగున బలమైన చట్రం ఉంటుంది. ఎం.జి.బి.కి అలాంటి చట్రం లేదు. ఉక్కు రేకులనే మడిచి, ఒకదానికొకటి వెల్డింగ్ చేసి, మొత్తం కారును ఒక పెట్టెలాగా కట్టారు. ఆ పెట్టే కారు బరువును మోస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక చెప్పుల అట్టపెట్టె తీసుకోండి. మూతను జిగురుతో అంటించి రెండు చేతులతో మెలిపెట్టండి. గట్టిగా నిలబడుతుంది. మూత తీసేసి మెలిపెట్టండి. ఇట్టే వంకర పోతుంది. పైకప్పు లేని కారు మూత లేని పెట్టెలాంటిదన్నమాట. ఆ లోటు తీర్చడానికి తలుపుల కింద, కారుకు రెండువైపులా, లోపల గుల్లగా ఉండే ఉక్కు దూలాలను అమర్చారు. వీటిని ‘సిల్స్’ అంటారు. ఇవి బలహీనపడితే కారు నడుము వంగుతుంది. ప్రమాదం జరిగినప్పుడు లోపలివారికి రక్షణ కూడా తగ్గిపోతుంది. అందుచేత తెలిసినవారు ఇంజన్ కంటే ముందు సిల్స్‌ను చూస్తారు.

లోపలి శత్రువు

ఇనుముకు నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది కాబట్టి తుప్పు మరింత త్వరగా పడుతుంది. సముద్రతీరపు ఊళ్లలో కిటికీ ఊచలు త్వరగా పాడవడానికి కారణం ఇదే. ఇంగ్లండులో సముద్రానికి దూరంగా ఉన్న కార్లకు కూడా ఈ బాధ ఉంది. ఎందుకని? చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా అక్కడ ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాల నుంచి చిమ్మి సిల్స్‌లోకి చేరుతుంది. నీరు కారిపోయే రంధ్రాలను బురద మూసేస్తే లోపల తడి ఆరదు. తుప్పు లోపల పుట్టి బయటికి వస్తుంది.

తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల రంగును పైకి నెడుతుంది. రంగు మీద చిన్న పొక్కులు కనబడితే, అవతల రేకు చాలావరకు తినేసి ఉండవచ్చు.

అయస్కాంతం చెప్పే నిజం

కొందరు అమ్మకందార్లు తుప్పు తిన్న కంతకు లప్పం పట్టి, నున్నగా రుద్ది, రంగు వేస్తారు. కంటికి తేడా తెలియదు. అయస్కాంతానికి తెలుస్తుంది! లప్పం ఉక్కు కాదు గదా. అయస్కాంతపు ఆకర్షణ దూరంతో వేగంగా తగ్గిపోతుంది. పలుచని రంగు పొర మీద అది అతుక్కుంటుంది. మందపు లప్పం మీద జారి పడిపోతుంది. రంగు గీసుకుపోకుండా అయస్కాంతానికి మెత్తని గుడ్డ చుట్టాలి. ఇందుకు బలహీనమైన అయస్కాంతమే మంచిది. మరీ బలమైనది లప్పం వెనక ఉన్న ఉక్కును కూడా పట్టుకుంటుంది.

అయితే ఒక జాగ్రత్త. మొదటి సంవత్సరాల ఎం.జి.బి. బానెట్ మీద అయస్కాంతం అసలు అంటుకోదు. అది మోసం కాదు. ఆ బానెట్లను అల్యూమినియంతో చేశారు!

తరువాత సిల్ కింద జాకీ పెట్టి కారును కొద్దిగా ఎత్తుతారు. తలుపు చుట్టూ ఉన్న సందు మారినా, తలుపు సరిగా మూసుకోకపోయినా దూలంలో బలం లేదని అర్థం. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి ఎన్నడూ దూరకూడదు. ఈ పని పెద్దలది.

సీట్ల వెనక నేలలో ఉన్న మూత కూడా తీయించాలి. 1974కు ముందు కార్లలో అక్కడ రెండు 6 వోల్టుల బ్యాటరీలు శ్రేణిలో ఉండేవి. మొత్తం 12 వోల్టులు. ఒలికిన ఆమ్లం, చేరిన తడి కలిసి వాటి కింది రేకును తినేస్తాయి. అక్కడికి ఎవరి చూపూ పోదు కాబట్టి నిజం దాగి ఉంటుంది.

ఇంజన్ నాడి

ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మనం వెళ్లేసరికే వేడిగా ఉంటే, చల్లని ఇంజన్ మొరాయిస్తుందేమోనని అనుమానించాలి. పొగ రంగును గమనించండి. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోంది. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువై పూర్తిగా మండడం లేదు. చలి ఉదయం కాస్త తెల్లని ఆవిరి సహజమే. ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా తెల్లగా దట్టంగా వస్తుంటే సిలిండర్‌లోకి నీరు చేరుతోందేమో చూడాలి.

ఈ ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు. స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో పీడనమాపకాన్ని బిగించి ఇంజన్‌ను తిప్పుతారు. నాలుగింటి అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకదానిలో పీడనం తక్కువైతే ఎక్కడో కారుతోంది. ఎక్కడ? ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. పీడనం పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. ఆయిల్ ఆ సందును తాత్కాలికంగా మూసింది. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో, గాస్కెట్‌లోనో ఉంది. ఎంత చక్కని తర్కమో చూడండి!

మరొక ప్రశ్న అడగాలి. ఆ రోజుల్లో పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపేవారు. అది వాల్వులు ఆనే చోట అరుగుదలను తగ్గించేది. కాని సీసం విషం. బ్రిటన్‌లో 2000 ఆరంభం నుంచి దాని సాధారణ అమ్మకం ఆగిపోయింది. కాబట్టి వాల్వుల కింద గట్టి లోహపు సీట్లు వేయించారా అని తెలుసుకోవాలి.

చివరిగా కారు ఒక మూలను గట్టిగా నొక్కి వదలండి. పైకి లేచి నిలిస్తే మంచిది. ఊగుతూనే ఉంటే షాక్ అబ్జార్బర్లు పని చెయ్యడం లేదు. మీరు చదివిన అవరుద్ధ డోలనాలు ఇవే.

ఇంజన్ చెడితే విప్పి బాగుచెయ్యవచ్చు. శరీరమంతా తుప్పు తింటే కష్టం, ఖర్చు రెండూ ఎక్కువే. అందుకే 1988లో పాత అచ్చులతోనే ఎం.జి.బి. శరీరాలను ఇంగ్లండులో మళ్లీ తయారు చెయ్యడం మొదలుపెట్టారు.

మీరూ చేసి చూడండి

మూడు గాజు సీసాలు, మూడు కొత్త ఇనుప మేకులు తీసుకోండి. మొదటి సీసాలో మేకు సగం మునిగేలా మంచినీరు పొయ్యండి. రెండోదానిలో అంతే ఉప్పునీరు పొయ్యండి. మూడోదానిలో కాచి చల్లార్చిన నీటిని మేకు పూర్తిగా మునిగేలా పోసి, పైన నూనె పొర వెయ్యండి. వారం రోజుల తరువాత చూడండి. మూడో సీసాలోని మేకు చుట్టూ నీరున్నా దాదాపు తుప్పు పట్టదు. నీటిని ఎందుకు కాచాం? నూనె ఎందుకు పోశాం? కారణం మీరే ఆలోచించి చెప్పండి.