కెమెరా తోడుగా వనవాసం

అడవిలో ఒంటరిగా బతికి బయటపడే బుల్లితెర వీరుల వెనుక పెద్ద బృందమే ఉంటుంది. ఆ బృందం లేకపోతే ఏం జరుగుతుందో 2020లో సూరత్ కార్మికులకు తెలిసొచ్చింది

టీవీలో కనిపించింది చీర మీదికెక్కడానికి సూరత్ రింగ్ రోడ్డులో ఎక్కువ కాలం పట్టదు. సీరియళ్ల పేర్లతో చీరలు, సినీ తారల పేర్లతో చీరలు ఇక్కడి వ్యాపారులకు మామూలే. 2019 లోక్‌సభ ఎన్నికల ముందు ప్రధాని నరేంద్ర మోదీ బొమ్మతో చీరలు అచ్చయింది కూడా ఈ నగరంలోనే. పైన ఫ్లైఓవరు, కింద బేళ్లు మోసే హమాలీలు, రెండు పక్కలా 150కి పైగా వస్త్ర మార్కెట్లు. హైదరాబాద్ మదీనా నుంచి విజయవాడ వస్త్రలత దాకా సింథటిక్ చీరలమ్మే టోకు వర్తకులకు ఈ రోడ్డే పుట్టిల్లు. ఆ చీరల బట్ట నేసే మరమగ్గాల దగ్గర ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్ కూలీలతో పాటు వరంగల్, కరీంనగర్, నల్గొండల నుంచి వలస వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగువారూ కనిపిస్తారు. లింబాయత్ వైపు వెళితే గుజరాతీ కన్నా తెలుగే ముందు చెవిన పడే వీధులున్నాయి.

చీరల మీద కనిపించిన ఆ నాయకుడే 2019 ఆగస్టు 12 రాత్రి డిస్కవరీ చానల్‌లో అడవి బాట పట్టారు. బ్రిటిష్ సాహసికుడు బేర్ గ్రిల్స్‌తో కలిసి ఉత్తరాఖండ్‌లోని జిమ్ కార్బెట్ అడవుల్లో నడిచారు. టార్పాలిన్‌తో కట్టిన చిన్న తెప్పలో నది దాటారు. పులి ఎదురైతే పనికొస్తుందని గ్రిల్స్ కర్రకు కత్తి కట్టి ఈటె తయారుచేసి ఇస్తే, ప్రాణం తీయడం తన సంస్కారం కాదని, అయినా మీ కోసం పట్టుకుంటానని మోదీ అన్నారు. చిత్రీకరణ జరిగింది ఫిబ్రవరి 14న. పుల్వామా దాడి జరిగిన రోజూ అదే. దాడి వార్త తెలిశాక కూడా షూటింగ్ సాగిందా అని కాంగ్రెస్ నిలదీసింది.

సాధారణ ప్రేక్షకుడికి మాత్రం వేరే అనుమానం వచ్చింది. మోదీ హిందీలో మాట్లాడుతుంటే హిందీ రాని గ్రిల్స్ తడుముకోకుండా ఎలా జవాబిచ్చారు? ఆగస్టు 25న మన్ కీ బాత్‌లో ప్రధానే ఆ గుట్టు విప్పారు. గ్రిల్స్ చెవిలో చిన్న కార్డ్‌లెస్ పరికరం ఉందని, తాను హిందీలో అన్నది అప్పటికప్పుడు అతనికి ఇంగ్లీషులో వినిపించిందని చెప్పారు. ఒక సందేహం తీరింది. ఆ వెంటే మరొకటి మొదలైంది. ఇద్దరే నడుస్తున్నట్టు కనిపించిన ఆ అడవిలో నిజానికి ఎంతమంది ఉన్నట్టు? ప్రధానికి భద్రతా వలయం లేకుండా అడుగు బయటపెట్టే వీల్లేదన్నది చిన్న పిల్లలకూ తెలుసు. కానీ తెర మీద ఆ వలయం ఎక్కడా కనిపించదు. ఈ తరహా కార్యక్రమాల మర్మమంతా ఆ కనిపించకపోవడంలోనే ఉంది.

ఈ రహస్యం మొదటిసారి గట్టిగా బయటపడింది 2007 జూలైలో. 'మ్యాన్ వర్సెస్ వైల్డ్' పేరుతో డిస్కవరీలో, 'బోర్న్ సర్వైవర్' పేరుతో బ్రిటన్ చానల్ 4లో గ్రిల్స్ అప్పటికే జనాన్ని ఆకట్టుకున్నారు. ఆ కార్యక్రమానికి సలహాదారుగా పనిచేసిన ఒకాయన చెప్పిన సంగతులను లండన్ సండే టైమ్స్ ప్రచురించింది. నిర్జన ద్వీపంలో చిక్కుకుపోయినట్టు చూపిన రోజుల్లో గ్రిల్స్ హవాయిలోని హోటల్లో పడుకున్నారట. కాలిఫోర్నియా కొండల్లో లొంగదీసినట్టు చూపిన అడవి గుర్రాలు అద్దెకు తెచ్చిన మచ్చిక గుర్రాలట. ఆయన సొంతంగా కట్టినట్టు కనిపించిన తెప్పను ముందు సిబ్బంది కట్టి, పని చేస్తుందో లేదో చూసుకుని, మళ్లీ విప్పి ఆయన చేతికిచ్చారట. చానల్ 4 సమర్థన కూడా వినదగ్గదే. ఇది ఉన్నదున్నట్టు చూపే డాక్యుమెంటరీ కాదని, ఆపదలో ఎలా బతకాలో నేర్పే కార్యక్రమమని వాదించింది. డిస్కవరీ పాత భాగాలకు మార్పులు చేసింది. కొన్ని సన్నివేశాలను కావాలనే కల్పిస్తామని, ప్రాణాపాయం వస్తే సిబ్బంది సాయం ఉంటుందని తెలిపే ప్రకటన ఆ తర్వాత కార్యక్రమం మొదట్లో వచ్చి చేరింది.

అంత మాత్రాన గ్రిల్స్‌ను మోసగాడనడం అన్యాయం. బ్రిటిష్ సైన్యపు ఎస్ఏఎస్ రిజర్వు దళంలో పనిచేసిన మనిషి. 1996లో పారాచూట్ ప్రమాదంలో వెన్నుపూసలు విరిగితే, రెండేళ్లు తిరిగేసరికి 23 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కారు. ఆయన దూకేది నిజం కొండ మీంచే, మునిగేది నిజం చన్నీళ్లలోనే. చిక్కల్లా పాఠంలో ఉంది. తెర మీద ఆయన ఒక్కచోట కూర్చోరు. కొండ దిగుతారు, జలపాతం దూకుతారు, పురుగు నములుతారు. గత్యంతరం లేదంటూ తన మూత్రం తాగి చూపిస్తారు. అమెరికా సైన్యం తన సిబ్బందికిచ్చే సర్వైవల్ పుస్తకంలో తాగకూడని ద్రవాల జాబితా ఒకటుంటుంది. సముద్రపు నీటితో పాటు మూత్రమూ ఆ జాబితాలోనే ఉంది. గాలింపు బృందాల అనుభవం కూడా గ్రిల్స్ పద్ధతికి సరిగ్గా తలకిందులు. దారి తప్పానని తెలిసిన క్షణంలో ఆగిపోవాలి, నీడ చూసుకోవాలి, ఒంట్లో నీరు కాపాడుకోవాలి, వెతికేవాళ్ల కంటపడేలా అక్కడే ఉండాలి. కాలు విరగ్గొట్టుకునే దూకుడు ఆఖరి మార్గం.

ఈ కథను నిజాయతీగా చెప్పాలని చూసినవాళ్లూ లేకపోలేదు. కెనడాకు చెందిన లెస్ స్ట్రౌడ్ 'సర్వైవర్‌మ్యాన్' కోసం కెమెరాల బరువు తానే మోస్తూ ఏడు రోజుల పాటు ఒంటరిగా ఉండేవారు. ఆయన దూరంగా నడిచి వెళుతున్న దృశ్యం కనిపిస్తే దాని వెనక శ్రమను ఊహించుకోవచ్చు. కెమెరాను నిలబెట్టి, నడిచి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి దాన్ని తీసుకుని, అదే దారిలో ఇంకోసారి నడవాలి. ఆకలితో ఉన్న మనిషికి ఇది రెట్టింపు చాకిరీ. 2015లో హిస్టరీ చానల్ మొదలుపెట్టిన 'అలోన్' ఇంకో మెట్టు ఎక్కింది. పది మందిని వేర్వేరు చోట్ల వదిలేస్తారు. ఎవరి కెమెరా వాళ్లదే. చేతిలో పది వస్తువులు, భరించలేకపోతే కబురు పెట్టడానికి శాటిలైట్ ఫోను. తొలి విజేత 56 రోజులు ఉన్నాడు. చాలామందిని ఇంటికి పంపింది ఎలుగుబంట్లు కాదు. దిగులు, ఇంటి మీద బెంగ, పస్తులు. బరువు ప్రమాదకరంగా తగ్గిపోయినవారిని డాక్టర్లే వెనక్కి రప్పించిన సందర్భాలున్నాయి. చలిలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న మనిషిని చూసేందుకు ఓపిక కావాలి. ఆ ఓపిక ఉన్న ప్రేక్షకులు ఉన్నారు కానీ ప్రధానులూ సూపర్‌స్టార్లూ వరస కట్టింది గ్రిల్స్ దగ్గరికే.

పోటీ షోల సంగతి వేరు. వాటిలో అడవి తెర వెనకాల గోడ మాత్రమే. అమెరికాలో 2000లో మొదలైన 'సర్వైవర్'లో గెలుపు నిప్పు రాజేయడం కన్నా ఓట్లు రాబట్టుకోవడం మీద ఎక్కువ ఆధారపడుతుంది. మన చానళ్లు కూడా ప్రయత్నించాయి. సోనీ 2009లో మలేసియాకు, స్టార్ ప్లస్ 2012లో ఫిలిప్పీన్స్‌కు, జీ తమిళ్ 2021లో అర్జున్ సారథ్యంలో జాంజిబార్‌కు వెళ్లాయి. ఇన్ని అడవులున్న దేశం వాళ్లు అడవి కోసం విమానమెక్కడం వింతే. తెలుగు చానళ్లు ఆ ఖర్చుకు పోకుండా 2017లో బిగ్‌బాస్ ఇంటితో సరిపెట్టుకున్నాయి. నాటకమైనా ప్రమాదం మాత్రం నాటకం కాదు. ఫ్రెంచ్ షో 'కో లాంటా' కోసం 2013 మార్చిలో కంబోడియా వెళ్లిన పాతికేళ్ల పోటీదారు తొలి రోజే గుండె ఆగి చనిపోయాడు. ఆ సీజన్‌నే రద్దు చేశారు. ఇక నెట్‌ఫ్లిక్స్ ఈ వినోదాన్ని తార్కిక ముగింపుకు తీసుకెళ్లింది. 2022లో 'రణ్‌వీర్ వర్సెస్ వైల్డ్'లో ఎటు వెళ్లాలో ప్రేక్షకుడే రిమోట్‌తో నిర్ణయించేవాడు. తప్పు దారి ఎంచుకుంటే వెనక్కి వచ్చి మళ్లీ నొక్కే వీలుండేది.

అడవిలో బతకడమే బతుకైనవారు మన నల్లమలలో ఉన్నారు. ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లోనే చెంచుల మీద పెద్ద గ్రంథం ప్రచురించారు. నిట్టనిలువు కొండచరియకు వేలాడే తేనెపట్టును తీయడానికి చెంచు యువకుడు తాడు పట్టుకుని లోయలోకి దిగుతాడు. కింద వందల అడుగుల లోతు, చుట్టూ పొగ, ముసిరే తేనెటీగలు. ఏ సాహస కార్యక్రమానికైనా ఇంతకన్నా ఏం కావాలి? కానీ చెంచుల దృష్టిలో అసలు నిర్ణయం దిగడం గురించి కాదు, పైన తాడు ఎవరి చేతికివ్వాలన్నది. సాధారణంగా ఆ పని బావమరిదికి అప్పగిస్తారంటారు. చెల్లెలి తాళి తెగనివ్వడు గనక. డిస్కవరీ లెక్కలో హీరో తాడుకు వేలాడేవాడు. చెంచు లెక్కలో పైన తాడు పట్టుకున్నవాడూ అంతే ముఖ్యం. గ్రిల్స్‌కూ తాడు పట్టేవాళ్లున్నారు. ఎడిటింగ్‌లో వాళ్లను తీసేస్తారంతే.

ఉన్నచోటే ఉండాలన్న సూత్రానికి ఒక షరతు ఉంది. తప్పిపోయినవారి కోసం ఎవరో వెతుక్కుంటూ వస్తుండాలి. 2020 వసంతంలో ఆ షరతుకు దేశమంతటా పరీక్ష ఎదురైంది. మార్చి 23 సోమవారం రాత్రి 8 గంటలకు డిస్కవరీలో రజనీకాంత్ బండిపూర్ అడవిలో గ్రిల్స్‌తో నడిచారు. తెలుగుతో సహా పలు భాషల్లో ప్రసారమైన ఆ కార్యక్రమంలో ఆయన నీటి పొదుపు గురించి చెప్పారు. జనవరిలో షూటింగ్ అప్పుడే ఆయన గాయపడ్డారని వార్తలొస్తే, ముళ్లు గీసుకున్నాయి తప్ప మరేం కాలేదని ఆయనే చెప్పారు. ఎండలు ముదిరి కార్చిచ్చు భయం మొదలయ్యే వేళ పులుల అభయారణ్యంలో షూటింగేమిటని పర్యావరణవాదులు అభ్యంతరం చెప్పారు కూడా. మర్నాడు రాత్రి, అదే 8 గంటలకు, అన్ని చానళ్లలోనూ మోదీ కనిపించారు. ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజుల లాక్‌డౌన్ అని, ఎక్కడున్నవారు అక్కడే ఉండిపోవాలని చెప్పారు.

రింగ్ రోడ్డు మూతపడింది. మార్కెట్లు మూతపడితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే మీటర్ల లెక్కన కూలి తీసుకునేవాడికి ఆ వారమే చేతిలో డబ్బుండదు. పది మంది ఒకే గదిలో వంతులవారీగా పడుకునే కార్మికులకు, రెండు షిఫ్టులవారూ ఒకేసారి గదిలో ఉండాల్సి వస్తే కాళ్లు చాపే చోటు కూడా లేదు. ఏప్రిల్ 10 రాత్రి నగర శివార్లలోని లస్కానాలో వందలాది మంది వీధికెక్కారు. జీతాలివ్వండి, లేదా ఊళ్లకు పంపండి అన్నదే వారి మాట. తోపుడుబళ్లు, టైర్లు తగలబడ్డాయి. పోలీసులు పదుల సంఖ్యలో అరెస్టు చేశారు. నాలుగు రోజులకు వరాఛాలో మళ్లీ జనం గుమిగూడారు. ఇంట్లో కూర్చోవాలన్న నియమాన్ని వాళ్లు మూర్ఖత్వంతో ఉల్లంఘించారని నగరంలో కొందరు తిట్టిపోశారు. ఎవరూ రావడం లేదని అర్థమైనవాడు నడక మొదలుపెడతాడు. సాహసాన్ని అమ్ముకునే వాళ్లు చెప్పినట్టు మనోధైర్యం పెరిగి కాదు.

ఆ నెలలోనే అడవి దారిలో ఈ కథ మరింత దారుణంగా ముగిసింది. ములుగు జిల్లా మిరప చేలలో కూలికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ గిరిజన బాలికకు 12 ఏళ్లు. లాక్‌డౌన్ పొడిగించారని తెలియగానే ఏప్రిల్ 15న తనవాళ్లతో కలిసి బీజాపూర్ జిల్లాలోని ఊరికి నడక మొదలుపెట్టింది. పెద్ద రోడ్లు వదిలి అడవి దారిలో మూడు రోజులు, 100 కిలోమీటర్లకు పైగా నడిచారు. అడవి ఆమెకు కొత్త కాదు, ఆ దారి ఆమె వెంట ఉన్నవారికీ కొత్త కాదు. ఊరు దగ్గర పడ్డాక, ఏప్రిల్ 18న చనిపోయింది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడమే కారణమని అధికారులు చెప్పారు. సర్వైవల్ పాఠాల్లో మొట్టమొదట చెప్పేది ఆ నీటి గురించే.

వలస కూలీల తొలి ప్రత్యేక రైలు మే 1న హైదరాబాద్ పక్కనున్న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు కదిలింది. మర్నాడు సూరత్ నుంచి ఒడిశాకు ఒకటి వెళ్లింది. ఆ వారంలోనూ సూరత్ పరిసరాల్లో పోలీసులతో ఘర్షణలు ఆగలేదు. కొన్ని నెలలకు రింగ్ రోడ్డు తెరుచుకుంది. వెళ్లినవారిలో చాలామంది తిరిగొచ్చారు, మగ్గాలు మళ్లీ మోగాయి.

గ్రిల్స్ బండిపూర్‌లో రజనీతో పాటే చిత్రీకరించిన అక్షయ్ కుమార్ భాగం సెప్టెంబర్ 14న డిస్కవరీ చానల్‌లో వచ్చింది. అందులో ఇద్దరూ ఏనుగు లద్దెతో కాచిన టీ తాగారు. అదే రోజు లోక్‌సభలో, ఊళ్లకు వెళుతూ దారిలో చనిపోయిన వలస కార్మికులెందరన్న ప్రశ్నకు కార్మిక మంత్రిత్వ శాఖ లిఖితపూర్వకంగా జవాబిచ్చింది. అలాంటి లెక్కలేవీ తమ దగ్గర లేవని, కనుక పరిహారం ప్రశ్నే తలెత్తదని అందులో ఉంది.