జీతంతో వచ్చే బీమా జీతంతోనే పోతుంది

అమెరికాలో ఏ తెలుగు కుటుంబమైనా సంపాదించే మనిషిని హఠాత్తుగా పోగొట్టుకుంటే మన సంఘాలు గంటల్లో కదులుతాయి. విరాళాలు పోగవుతాయి, భౌతికకాయం సొంతూరికి చేరుతుంది. ఇది మనం గర్వించదగ్గ పని. అయితే విరాళం అప్పటి ఖర్చులకు, తర్వాతి కొన్ని నెలలకు అక్కరకొస్తుంది గాని, పిల్లలు చేతికందేదాకా రావలసిన జీతానికి బదులు కాలేదు. ఆ లోటు పూడ్చేందుకు మధ్యతరగతికి అందుబాటులో ఉన్న మార్గం జీవిత బీమా. అదీ ఉద్యోగంతో ముడిపడని సొంత టర్మ్ పాలసీ, అంటే గడువులోగా మరణిస్తేనే సొమ్మిచ్చేది.

"మా కంపెనీ ఇస్తోంది కదా" అంటారు చాలామంది. కంపెనీ ఇచ్చే గ్రూప్ బీమా సాధారణంగా ఏడాది జీతమో, రెండేళ్ల జీతమో ఉంటుంది. యాభై వేల డాలర్ల కవరేజీ దాకా ఉద్యోగికి పన్ను పడదు కనుక అక్కడితో ఆపే కంపెనీలూ ఉన్నాయి. అంతకన్నా పెద్ద చిక్కు, ఉద్యోగం పోతే సాధారణంగా ఆ బీమా కూడా పోతుంది. హెచ్‌1బీ మీద ఉన్నవారికి లేఆఫ్ తర్వాత దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. హెచ్‌4 మీద ఉన్న భార్యాబిడ్డల హోదా కూడా ఆ ఉద్యోగి మీదే ఆధారపడి ఉంటుంది. వీసా, జీతం, బీమా మూడూ ఒకే మేకుకు తగిలించడం ప్రమాదం. ఈలోగా షుగరో గుండెజబ్బో బయటపడితే కొత్త పాలసీ ప్రియమవుతుంది, ఒక్కోసారి దొరకదు కూడా. సోషల్ సెక్యూరిటీ నుంచి పిల్లలకు 18 ఏళ్లదాకా నెలనెలా కొంత రావచ్చు, కానీ అమెరికా పౌరులు కానివారు ఇండియాకు వెళ్లిపోతే దానికి వేరే షరతులు అడ్డొస్తాయి.

టర్మ్ పాలసీ అనగానే వచ్చే "బతికుంటే కట్టిందంతా వృథాయేగా" అన్న ప్రశ్న మనకు ఎల్‌ఐసీ ఎండోమెంట్, మనీబ్యాక్ పాలసీలు నేర్పిన అలవాటు. పొదుపుకు వేరే దారులు తక్కువున్న రోజుల్లో మన పెద్దలు చేసింది సబబే. కానీ పొదుపు, బీమా కలిపితే ప్రీమియంలో అధికభాగం పొదుపుకే పోయి, రక్షణ చిన్నదవుతుంది. లెక్క వేసి చూడండి: ఇంటి అప్పు కాక ఏడాదికి 60 వేల డాలర్ల ఖర్చు, చిన్నబిడ్డకు ఆరేళ్లు అనుకుంటే, ఆ బిడ్డ 22 ఏళ్లకు చేరేదాకా 9 లక్షల 60 వేల డాలర్లు కావాలి. ఇంటి అప్పు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపే డబ్బు దానికి అదనం. ఊళ్లో పొలం ఉందనేవారు, వాటాల తగాదాల మధ్య అది ఎప్పటికి అమ్ముడవుతుందో కూడా ఆలోచించాలి. ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకునేవారికీ పాలసీ అవసరమే, వారి పనికి మనిషిని పెట్టుకోవాలంటే ఇక్కడ చిన్న మొత్తం సరిపోదు.

పాలసీ కొనేశాక పని అయిపోయిందనుకోకూడదు. దరఖాస్తులో పొగతాగే అలవాటో జబ్బో దాస్తే, మొదటి రెండేళ్లలో వచ్చిన క్లెయిమును కంపెనీ తిరస్కరించవచ్చు. నామినీ విషయం ఇంకా ముఖ్యం. బోయింగ్ ఉద్యోగి ఒకరు విడాకుల తర్వాత ఫారంలో పేరు మార్చకుండానే 1994లో ప్రమాదంలో మరణించారు. కంపెనీ ఇచ్చిన ఆ బీమా సొమ్ము విషయంలో 2001లో అమెరికా సుప్రీంకోర్టు మాజీ భార్య పక్షానే తీర్పు చెప్పింది, పిల్లలకు దక్కలేదు. మైనర్ల పేరే రాస్తే సొమ్ము సాధారణంగా నేరుగా వారి చేతికివ్వరు, ట్రస్టో సంరక్షకుడో ఉండాలి. అందుకే ఈ వారంలోనే మీ కంపెనీ పోర్టల్ తెరిచి నామినీగా ఎవరి పేరుందో చూడండి, పాలసీ కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్లకు చెప్పండి.