శాలువాతో సరిపోతుందా?

వరదలో ముందుగా చెయ్యందించేది పక్కింటోళ్లే... పేరు చివర్లో కూడా రాదు

హోసూరు: 2024 డిసెంబరు 2, సోమవారం. ఊత్తంగరైలో తెల్లారింది గానీ, బస్టాండు దగ్గర రోడ్డు పక్కన నిలిపిన వ్యాన్లు, కార్లు నిలిపిన చోట లేవు. పైనున్న చెరువు నిండి పొంగి రోడ్డు మీదికి దూకింది. బండ్లన్నీ పిల్లకాయలు వదిలిన కాగితపు పడవల్లా ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పల్లానికి కొట్టుకుపోయాయి. ఆ దృశ్యం హోసూరులో, కుప్పంలో, బెంగళూరులో ప్రతి ఒక్కరి సెల్‌ఫోనులోనూ తిరిగింది.

ఆ పొద్దున ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో ఊత్తంగరైలో కురిసిన వాన 50 సెంటీమీటర్లు. జిల్లాలో ఏడాది పొడవునా పడే వానలో సగానికి మించి ఒక్క రోజులో దిగిపోయింది. నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన ఫెంగల్ తుపాను బలహీనపడ్డా వదల్లేదు. మెల్లగా పడమటికి జరుగుతూ, మోసుకొచ్చిన నీళ్లన్నీ గుమ్మరించింది. సముద్రం ఎక్కడ, కృష్ణగిరి ఎక్కడ! తుపానంటే కడలూరోళ్ల కష్టం, నెల్లూరోళ్ల కష్టం అనుకునే కొండ జిల్లాకు అది కొత్త పాఠం.

ముందుగా వచ్చేదెవరు?

అలాంటి పొద్దున గడప దాకా నీళ్లొచ్చిన ఇంటికి ముందుగా ఎవరొస్తారు? జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం ఉంది. తమిళనాడుకు దగ్గరి బెటాలియన్ అరక్కోణంలో ఉంటుంది. వాళ్లు మొనగాళ్లే, సందేహం లేదు. కానీ అరక్కోణం నుంచి లారీలో పడవలు వేసుకుని, తెగిన రోడ్లు దాటి రావాలి. ఈలోగా గంటలు గడిచిపోతాయి. ఆ గంటల్లో ప్రాణం నిలిపేది వీధి చివర టీకొట్టు మనిషి, పక్కింటి కుర్రాడు, జేసీబీ డ్రైవరు, పక్క టౌను నుంచి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది. కరెంటు తీగ తెగి నీళ్లలో పడకముందే లైను ఆపేసే లైన్‌మ్యాన్ కూడా ఈ వరసలోని వాడే. అతను చేసిన పని ఎవరికీ కనిపించదు. చేయకపోతే మాత్రం శవాలు లేస్తాయి.

ఇది మన దగ్గరి మాటే కాదు. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబేను భూకంపం కుదిపేసింది. యంత్రాలకు, క్రమశిక్షణకు పేరుపొందిన దేశం. అక్కడ కూడా శిథిలాల కింద నుంచి బయటపడ్డవాళ్లలో నాలుగింట మూడొంతుల మందిని ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లే లాగారని లెక్కలు కట్టారు.

వెనకటి రోజుల్లో మన చెరువులకు ఈ పని చేసే మనిషి ఒకడుండేవాడు, నీరుగంటి. ఎండాకాలం పొలాలకు నీళ్లు పంచడం, వానాకాలం కట్ట మీద కాపలా. మరవ పారుతోందా, కట్ట ఎక్కడైనా చెమ్మగిల్లుతోందా అని రాత్రంతా తిరిగి చూసేవాడు. అనుమానం వస్తే తప్పెట మోగేది. ఊరంతా గడ్డపారలు, గోతాలు పట్టుకుని పరిగెత్తేది. అతనికి జీతం లేదు. కోతల్లో కళ్లం దగ్గర ఇంతని ధాన్యం కొలిచేవాళ్లు. ఊరు చూపే కృతజ్ఞతకు అలా ఒక కొలత ఉండేది. బోర్లొచ్చి చెరువు అవసరం తగ్గింది, నీరుగంటి అవసరమూ పోయిందనుకున్నారు. వాన మాత్రం ఆ సంగతి ఎరగదు.

ఇద్దరు అక్కచెల్లెళ్లు... రెండు జేసీబీలు

హోసూరు పక్కన కెలవరపల్లి డ్యాములో నిండి, కృష్ణగిరి డ్యాము దాటి, సాత్తనూరు మీదుగా కడలూరు దగ్గర సముద్రంలో కలిసే నదిని తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. మనకు దక్షిణ పినాకిని. ఊత్తంగరై పక్కనున్న పాంబారు కూడా చివరికి దీంట్లోకే చేరుతుంది. నంది కొండల దిక్కునే పుట్టిన అక్క ఉత్తర పినాకిని. అదే అనంతపురం, కడప మీదుగా నెల్లూరు చేరే పెన్న. పుట్టిల్లు ఒకటే, మెట్టినిళ్లు వేరు. కోపం వస్తే ఇద్దరిదీ ఒకే తీరు. ఆ డిసెంబరు 2 తెల్లవారుజామున సాత్తనూరు డ్యాము నుంచి సెకనుకు 1.68 లక్షల ఘనపుటడుగుల నీళ్లు కిందికి వదలాల్సి వచ్చింది.

అక్క కోపం అంతకు మూడేళ్ల కిందటే తెలిసింది. 2021 నవంబరు 19న పెన్నలో కలిసే చిత్రావతి పొంగింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ఒక కారు వాగులో చిక్కుకుంది. అందులో నలుగురు. వాళ్లను కాపాడాలని కొందరు జేసీబీ వేసుకుని దిగారు. జేసీబీ కూడా నీళ్ల మధ్య నిలిచిపోయింది. కాపాడబోయినవాళ్లు, కాపాడాల్సినవాళ్లు కలిపి పది మంది ఆ యంత్రం మీదే ప్రాణాలు అరచేత పట్టుకుని నిలబడ్డారు. చివరికి వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టరు వచ్చి పది మందినీ పైకి లాక్కుంది.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలోనూ మున్నేరు ఇలాగే పొంగింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగాలేక హెలికాప్టరు రాలేకపోయింది. పొద్దు గూకుతోంది. అప్పుడు సుభాన్ ఖాన్ అనే జేసీబీ డ్రైవరు బండి తీశాడు. పోతే తనొక్కడి ప్రాణం, వస్తే తొమ్మిది ప్రాణాలు అన్నది అతని లెక్క. తొమ్మిది మందినీ ఒడ్డుకు తెచ్చాడు. అతనిది ఎక్కడో హర్యానా. ఆ రాత్రి వంతెన మీదున్నవాళ్లు అతని భాష ఏమిటని అడగలేదు. మూడు భాషల మధ్య బతికే హోసూరోళ్లకు ఈ మాట వేరే చెప్పాల్సిన పనిలేదు.

ఖమ్మం జేసీబీ ఒడ్డుకు చేరింది. చిత్రావతి జేసీబీ చేరలేదు. ఒకరికి ఊరేగింపులు, శాలువాలు, నాయకుల ఫోన్లు, నగదు బహుమతి దక్కాయి. రెండోవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. తెగువలో తేడా ఉందా అంటే, లేదు. తేడా అంతా నీటి లోతులోనే. గెలిచిన తెగువకే దండ వేసే అలవాటు మనది. ఇంకో సంగతి కూడా ఇక్కడ కనిపిస్తుంది. ఆ రెండు చోట్లా దిగినవాళ్ల చేతిలో మట్టి తవ్వే యంత్రం తప్ప వేరే ఆధారం లేదు.

గేటు దగ్గర ఒక పెద్దాయన

ప్రాణం కాపాడటమంటే నీళ్లలో దూకడమే కానక్కరలేదు. 2017 నవంబరులో కృష్ణగిరి డ్యాము షట్టరు విరిగి నీళ్లు వృథాగా పోయినప్పుడు జిల్లా రైతులు పడ్డ ఆందోళన ఇంకా గుర్తే. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాము 19వ నంబరు గేటు కొట్టుకుపోయింది. పారే నీళ్లలోనే అడ్డుపలకలు దించాలి. ముందుండి ఆ పని చేయించింది కన్నయ్యనాయుడు. ఉద్యోగ విరమణ చేసి ఏళ్లయిన ఇంజినీరు. ఆ వెంటనే సెప్టెంబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లను పడవలు గుద్దితే మళ్లీ ఆయన్నే పిలిపించారు. ఇంట్లో మనవళ్లతో కూర్చోవాల్సిన వయసులో గేటు మీద నిలబడ్డాడు. ఆయన కింద ఇనుప దూలాల మీద వేలాడుతూ పనిచేసిన వెల్డర్లు, ఖలాసీలు ఎందరో. వాళ్ల పేర్లు మాత్రం పేపర్లలో వెతికినా దొరకవు.

అదే సెప్టెంబరులో బుడమేరు ముంచేసిన విజయవాడలో నీళ్లు తీశాక ఇళ్లలో అడుగుల లెక్కన బురద మిగిలింది. ఫైరింజన్లు తెచ్చి ఇళ్లు కడిగారు. వేరే ఊళ్ల మునిసిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులను దింపారు. పడవలో వచ్చినోళ్లకు దండం పెట్టిన చేతులే, పార పట్టుకుని వచ్చినోళ్లకు కనీసం ఓ చెంబు మంచినీళ్లు ఇవ్వడానికి ఆలోచిస్తాయి. ఆ కార్మికులు రాకపోతే వరద తర్వాత వచ్చేది అతిసారం, విషజ్వరాలు. వరద కంటే అవే ఎక్కువ మందిని పడగొడతాయి.

రాళ్లు చెప్పే లెక్క

కృతజ్ఞత చూపడం ఈ నేలకు కొత్త కాదు. కృష్ణగిరి జిల్లా వీరగల్లులకు పేరు. తమిళంలో నడుకల్. పశువుల మందను దొంగల నుంచి విడిపిస్తూ పడ్డవాడికి, ఊరి మీదికొచ్చిన పులితో పెనుగులాడినవాడికి ఊరు ఒక రాయి నిలిపేది. కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియానికి వెళ్తే చూడొచ్చు. కత్తి పట్టిన మనిషి, పక్కన ఎద్దో, పులో. రాజులకే కాదు, ఊరిని కాచిన మామూలు మనిషికీ ఆ రాయి దక్కేది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఆనాడు శవాలు మోసిన స్వచ్ఛంద సేవకులను, జోలె పట్టి చందాలు తెచ్చిన సినిమావాళ్లను, వెన్నంటి నిలిచిన మండలి వెంకటకృష్ణారావును ఆ సీమ ఇప్పటికీ తలుచుకుంటుంది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి ఆయనే. సరిహద్దు తెలుగువాళ్లకు ఆ పేరు అందుకే మరింత దగ్గర.

రాయి నిలిపిన ఊరు ఆ ఇంటి పిల్లలను కూడా సాకేది. చనిపోయిన వీరుడి కుటుంబానికి భూమి ఇచ్చినట్టు కొన్ని శాసనాలు చెబుతాయి. రాయీ, భూమీ రెండూ ఉండేవి. ఇప్పుడు రాయి స్థానంలో శాలువా వచ్చింది. భూమి స్థానంలో ఏం వచ్చిందన్నదే ప్రశ్న.

తాడు, టార్చి, బీమా

జవాబు కొంత ఉంది. కేంద్రం 2016లో ‘ఆపద మిత్ర’ పథకం మొదలుపెట్టింది. ముందు వరద ముప్పున్న 30 జిల్లాల్లో. 2021 నుంచి 350 జిల్లాల్లో లక్ష మందిని తయారుచేయాలని దాన్ని పెంచారు. పన్నెండు రోజుల శిక్షణ, లైఫ్ జాకెట్, టార్చి, ప్రథమ చికిత్స పెట్టెతో ఒక కిట్టు, పైన బీమా. జేసీబీ డ్రైవరుకు తెగువ ఎవరూ నేర్పక్కర్లేదు. నడుముకు తాడు కట్టుకుని దిగాలని, మోకాలి పైకి పారే నీళ్లు మనిషిని పడేస్తాయని, రెండడుగుల ప్రవాహం కారును ఎత్తేస్తుందని చెప్పేవాళ్లు కావాలి. దిగినవాడు తిరిగి రాకపోతే ఇంటిదానికి ఏం దక్కుతుందో ముందే రాసిపెట్టిన కాగితం కావాలి.

ఇంకొంత ఊరి చేతిలోనే ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2017లో ‘కుడిమరామత్తు’ పేరుతో చెరువుల పూడికతీతను రైతు సంఘాల చేతికిచ్చింది. పేరు పాతదే. ఊరోళ్లే తమ చెరువు బాగుచేసుకునే వెనకటి కట్టుబాటుకే ఆ పేరు. మరవ కాలువలో ఇళ్లు కట్టుకుని, నీళ్లు ఇంట్లోకొస్తే కాపాడినోడికి దండం పెట్టడం ఏం లెక్క? ఆ కాలువ ఖాళీగా ఉంటే అతను అర్ధరాత్రి పీకల్లోతు నీళ్లలో దిగే పనే ఉండదు.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. కలెక్టరేటు విపత్తు కంట్రోలు రూము నంబరు 1077, డబ్బులు పడవు. తళి, బాగలూరు, బేరికె, వేపనపల్లి పల్లెల్లో తెలుగు తప్ప ఇంకో మాట సరిగా రాని అవ్వలు ఇంకా ఉన్నారు. ఆ నంబరు వాళ్ల ఇంటి తలుపు మీద సుద్దముక్కతో తెలుగులో రాసిపెట్టాలంటే, పక్కింటి పిల్లకాయకు అయిదు నిమిషాల పని.