బొమ్మల కథకు చలనం వచ్చినప్పుడు

చదివిన పుస్తకం చలనచిత్రంగా వచ్చినదని వినగానే విద్యార్థులు మొట్టమొదట వేసే ప్రశ్న ఒకటున్నది: "పుస్తకంలో ఉన్నట్లే తీశారా?" నవల విషయంలో దీనికి సమాధానం చెప్పడం సులభం కాదు. నవలలో ఉన్నవి అక్షరాలు. తెరమీద కనబడేవి రూపాలు. బొమ్మల కథ సంగతి వేరని మనకు తోస్తుంది. అందులో పాత్రకు ముఖమున్నది, వీథికి రూపమున్నది, మాటకు తావున్నది. ఆ బొమ్మలను కదిలించినంత మాత్రాన చలనచిత్రం సిద్ధమైనట్లే గదా! ఇంత సులభంగా కనిపించే పనిలో సమర్థులైన దర్శకులు సైతం ఎందుకు తడబడినారు? విచారించవలసిన విషయమిది.

బొమ్మల కథకు ప్రాణం బొమ్మలో మాత్రమే లేదు. గడికీ గడికీ మధ్య వదలిన తెల్లని సందులో ఉన్నది. ఒక గడిలో పిల్లవాడు పిట్టగోడమీద నిలబడి ఉంటాడు. తరువాతి గడిలో వాని మోకాలికి కట్టు ఉంటుంది. వాడు పడినది ఎవరు చూశారు? చిత్రకారుడు గీయలేదు; పాఠకుడే చూశాడు. అమెరికా చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ ఈ కళను గురించి 1993లో ప్రకటించిన గ్రంథంలో ఈ సందుకే పెద్దపీట వేసినాడు. అంతేకాదు, బొమ్మల కథలో కాలం పాఠకుని చేతిలో ఉంటుంది. నచ్చిన గడివద్ద ఆగవచ్చును; పుట వెనుకకు త్రిప్పవచ్చును. చలనచిత్రం సెకనుకు 24 బొమ్మలతో ఆ సందును పూడ్చివేస్తుంది. కాలాన్ని తన చేతిలోకి తీసుకొంటుంది. కనుక పుటమీద బొమ్మ చేస్తున్న పని ఏదో గ్రహించి, ఆ పనిని తెరకు సహజమైన సాధనంతో చేయించినవాడే కృతకృత్యుడవుతాడు. బొమ్మను మాత్రమే తెచ్చుకొన్నవానికి బొమ్మే మిగులుతుంది.

జెర్రీ సీగెల్ కథ వ్రాయగా జో షుస్టర్ బొమ్మలు వేసిన సూపర్‌మాన్ 1938లో వెలువడినాడు. కళ్లజోడు పెట్టుకొంటే అతడు క్లార్క్ కెంట్ అనే పత్రికా విలేఖరి, తీసివేస్తే లోకరక్షకుడు. నాలుగు గీతలతో వేసిన ముఖం గనుక పుటమీద ఈ మారువేషాన్ని మనం సందేహించము. నిజమైన మనిషి ముఖంమీద అదే కళ్లజోడు నవ్వు పుట్టిస్తుంది. 1978లో దీనిని చిత్రంగా తీసిన రిచర్డ్ డానర్, ఎంత అద్భుతమైన కథ అయినా ప్రేక్షకునికి నిజమనిపించి తీరాలన్న నియమం పెట్టుకొన్నాడు. నాయకపాత్ర ధరించిన క్రిస్టఫర్ రీవ్ ఆ నియమాన్ని తన శరీరంతో నిలబెట్టినాడు. లోయిస్ లేన్ ఇంటిలో, ఆమె ప్రక్కగదిలో ఉన్న సమయంలో, తన రహస్యం చెప్పివేద్దామని క్లార్క్ కళ్లజోడు తీస్తాడు. వంగిన వెన్ను నిటారవుతుంది, భుజాలు విచ్చుకొంటాయి, కంఠం గంభీరమవుతుంది. అంతలో ధైర్యం చాలక జోడు మరల పెట్టుకొని ఒదిగిపోతాడు. పుటమీద కళ్లజోడు చేసిన పనిని తెరమీద వెన్నెముక చేసినది!

దీనికి ప్రతిగా మరొక ఉదాహరణ తీసుకొందాము. అలన్ మూర్ రచించి డేవ్ గిబ్బన్స్ చిత్రించిన 'వాచ్‌మెన్' 1986, 87 సంవత్సరాలలో పన్నెండు సంచికలుగా వచ్చినది. పుటకు తొమ్మిది గడుల చొప్పున గడియారంవలె నడిచే గ్రంథమది. అందులో డాక్టర్ మన్‌హాటన్ అనే పాత్రకు భూతభవిష్యత్తులు ఒక్కసారే గోచరిస్తాయి. తెరచిన పుటలో నిన్న, నేడు, రేపు పక్కపక్కనే ఉంటాయి గనుక, పాఠకుడు కూడ ఆ పాత్రవలెనే చూడగలుగుతాడు. 2009లో జాక్ స్నైడర్ తీసిన చిత్రం గిబ్బన్స్ బొమ్మలను ఎంతో భక్తితో అనుసరించినది. కాని చీకటిగదిలో కూర్చున్న ప్రేక్షకుడు వెనుకకు చూడలేడు గదా! గడులలో క్షణమాత్రం మెరిసే హింస తెరమీద ఎముకలు విరిగే దృశ్యాలుగా సాగినది. ఆ చిత్రాన్ని మెచ్చుకొనేవారు లేకపోలేదు. ఐనప్పటికి అక్షరాలన్నీ ఉండి అర్థం జారిపోయిన ప్రతివలె అది నాకు కనబడుతుంది.

మన ఆలంకారికులు ఔచిత్యమనే మాట వాడినారు. ఒకచోట అందమైనది మరొకచోట అందం కాకపోవచ్చును. ఫ్రాంక్ మిల్లర్ అనే చిత్రకారుని అనుభవమే ఇందుకు తార్కాణం. నలుపు తెలుపులతో, అక్కడక్కడ ఒక రంగు మెరుపుతో, తన 'సిన్ సిటీ' బొమ్మలను రాబర్ట్ రోడ్రిగ్జ్‌తో కలిసి 2005లో తెరకెక్కించినాడు. కఠినమైన ఆ నేరలోకానికి ఆ కఠినమైన వెలుగునీడలు చక్కగా అమరినవి. మూడేళ్ల తరువాత, 2008లో, అదే పద్ధతిని విల్ ఐస్నర్ సృష్టించిన 'ది స్పిరిట్'కు తొడిగినాడు. స్పిరిట్ 1940లో అమెరికా పత్రికల ఆదివారపు అనుబంధంగా పుట్టిన కథ. ముసుగు తొడిగిన డిటెక్టివు అందులో నాయకుడైనా, ఐస్నర్ హృదయం వీథిలోని సామాన్యులమీద ఉండేది. గాలిలో ఎగరగల శక్తి ఉండికూడ, ఎవరి కంటా పడకుండానే మరణించిన ఒక చిన్న ఉద్యోగి కథను ఆయన 1948లో వ్రాసినాడు. ఆ చిరునవ్వుకూ, ఆ జాలికీ మిల్లర్ నల్లని నీడలలో చోటు చాలలేదు. చిత్రం పరాజయం పొందినది. చేయి అదే, కుంచె అదే, కథ వేరు.

ఇక ఇరాను దేశంలో పుట్టిన మర్జానె సత్రాపీ సంగతి చూడండి. 1979 విప్లవాన్ని, తరువాత వచ్చిన యుద్ధాన్ని టెహరానులో బాలికగా చవిచూచి, పద్నాలుగేళ్ల ప్రాయంలో ఒంటరిగా వియన్నా చేరిన తన జీవితాన్ని ఆమె 'పెర్సెపోలిస్' పేర ఫ్రెంచి భాషలో, 2000 నుండి 2003 వరకు, నాలుగు సంపుటాలుగా గీసినది. అందులో క్షిపణి దెబ్బకు పొరుగింటి నేస్తం మరణించినట్లు తెలిసిన ఘట్టం చివర ఒక గడి ఉన్నది. దానిలో బొమ్మ లేదు, అంతా నలుపే. ఆ నలుపులో ఏమున్నదో మనమే చూడాలి. 2007లో వాన్సాన్ పారొనోతో కలిసి దానిని చిత్రంగా తీసినప్పుడు ఆమె నటీనటులను పెట్టలేదు. చేతితో గీసిన బొమ్మలనే కదిలించినది. ఎందుచేత? నిజమైన ముఖాలు కనబడితే అది ఎక్కడో దూరదేశపు మనుషుల కథ అయిపోతుంది. నల్లని గీతలలో ఉన్న ఆ పిల్ల ఎవరి ఇంటి పిల్లైనా కావచ్చును. పారిసు విమానాశ్రయంలో కూర్చున్న నేటి స్త్రీకి మాత్రం రంగులద్ది, జ్ఞాపకాలను నలుపు తెలుపులలో ఉంచినది. పుస్తకంలో ఈ ఏర్పాటు లేదు, తెరకోసం కల్పించినది. ఆ చిత్రానికి కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి లభించినది.

గీసిన బొమ్మలను గురించి ఆలోచించేవారికి మన బాపు గుర్తుకు రాకమానడు. 1967లో 'సాక్షి'తో దర్శకుడు కాకముందే ఆయన చిత్రకారుడుగా ప్రసిద్ధుడు. దృశ్యాలను ముందుగా బొమ్మలుగా వేసుకొని చిత్రీకరించడం ఆయనకు అలవాటు. ఐనా తెరమీద మనకు గుర్తుండేది ఆ కాగితం కాదు; నటుని కన్ను, వెలుగు, పాట. కాగితం దారి చూపి తప్పుకొన్నది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. విద్యార్థి "పుస్తకంలో ఉన్నట్లే తీశారా?" అని అడిగినప్పుడు ఔననో కాదనో చెప్పి పంపవద్దు. "పుస్తకం చదువుతూ నీవు ఊహించుకొన్నది ఏది? చిత్రం చూస్తూ నీవు ఊహించుకోవలసినది ఏమైనా మిగిలిందా?" అని ఎదురు ప్రశ్న వేయండి. రెండవ ప్రశ్నకు జవాబు దొరికితే ఆ చిత్రం మంచిదే, బొమ్మలు ఎన్ని మారినా సరే. దొరకనిచో, ఎంత ఖర్చుపెట్టి తీసినా, అది పిల్లవాని చేతినుండి ఒక పని లాగికొన్నదన్నమాట. గోడమీద ఉన్న పిల్లవానికీ, మోకాలి కట్టుకూ మధ్య జరిగినదాన్ని తన మనస్సుతో చూడగలగడం చిన్న విద్య కాదు. చరిత్ర చదివినా, పొరుగువాని కష్టం అర్థం చేసుకొన్నా పనికివచ్చేది ఆ విద్యే.