యూనిట్ – 12: ముద్రణ పరిశ్రమ – పర్యావరణ ప్రభావాన్ని తగ్గించే మార్గాలు

విషయక్రమం

12.0 లక్ష్యాలు
12.1 పరిచయం
12.2 ముద్రణ పర్యావరణాన్ని ఎక్కడెక్కడ తాకుతుంది?
12.3 ఒక పుస్తకం లెక్క
12.4 ప్రెస్సులో తీసుకోదగిన చర్యలు
12.5 ఫ్లెక్సీ సమస్య
12.6 స్థానిక నార వనరులు
12.7 సారాంశం
12.8 ముఖ్య పదాలు
12.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• ముద్రణలోని వివిధ దశల్లో పర్యావరణానికి కలిగే హానిని వివరించగలుగుతారు.
• ఒక ముద్రణ పనికి పట్టే కాగితాన్ని లెక్కగట్టి, ఎక్కడ ఎంత ఆదా చేయవచ్చో చెప్పగలుగుతారు.
• చిన్న ప్రెస్సులు తక్కువ ఖర్చుతో పాటించగల పద్ధతులను గుర్తించగలుగుతారు.
• ఫ్లెక్సీ నియంత్రణలో ఎదురైన ఇబ్బందులను చర్చించగలుగుతారు.

12.1 పరిచయం

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ముద్రణ చాలావరకు చిన్న పరిశ్రమ. బజారు వీధిలో ఒకటి రెండు గదులు, ఒక డి.టి.పి. కంప్యూటరు, ఒక మినీ ఆఫ్‌సెట్ యంత్రం, ఒక కటింగ్ మెషీను, కొద్దిమంది పనివారు – సాధారణంగా ఒక ప్రెస్సు స్వరూపం ఇదే. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, బడుల ప్రశ్నపత్రాలు, క్యాలెండర్లు వీరి ప్రధానమైన పనులు. వీటి పక్కనే ఫ్లెక్సీ ముద్రణ కేంద్రాలు కూడా వెలిశాయి.

ఒక్కొక్క ప్రెస్సు నుంచి బయటికి వచ్చే వ్యర్థం తక్కువ. అందుకే దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అయితే ప్రెస్సులన్నింటినీ కలిపి, వాటికి కాగితం పంపే మిల్లులను, ముద్రణ తరువాత మిగిలే చెత్తను కూడా లెక్కలోకి తీసుకుంటే సమస్య పెద్దదే. ఈ యూనిట్‌లో మనం పరిశీలించే ప్రధాన అంశం ఒకటుంది. ముద్రణ వల్ల ఖర్చయ్యే వనరుల్లో పెద్ద భాగం యంత్రం తిరగకముందే, ఆర్డరు రాసేటప్పుడే నిర్ణయమవుతుంది. ఎన్ని ప్రతులు, ఏ కాగితం, ఏ సైజు, ఎన్ని పేజీలు అన్నది చెప్పేది ప్రెస్సు యజమాని కాదు, పని ఇచ్చేవారు. రేపు ఉపాధ్యాయులుగా, గుమాస్తాలుగా, సంఘాల కార్యదర్శులుగా ఆ ఆర్డరు రాయబోయేది మీరే.

12.2 ముద్రణ పర్యావరణాన్ని ఎక్కడెక్కడ తాకుతుంది?

12.2.1 ప్రెస్సుకు ముందు: కాగితం

కాగితం తయారీకి కలప గుజ్జు, నీరు, విద్యుత్తు, రసాయనాలు కావాలి. మన రాష్ట్రంలో సరుగుడు, సుబాబుల్, జామాయిల్ కర్రను రైతులు సాగుచేసి కాగితం మిల్లులకు అమ్ముతారు. గుజ్జును తెల్లబరచడానికి పూర్వం క్లోరిన్ వాయువును వాడేవారు. అది గుజ్జులోని కర్బన పదార్థాలతో కలిసి, నీటిలో సులభంగా విచ్ఛిన్నం కాని విషపదార్థాలను ఏర్పరుస్తుంది. వీటిని తగ్గించడానికి క్లోరిన్ వాయువుకు బదులు క్లోరిన్ డయాక్సైడ్ వాడే పద్ధతి వచ్చింది. మన దేశంలో ఈ పద్ధతికి మొదట మారిన మిల్లు భద్రాచలం సమీపంలోని సారపాక కాగితం మిల్లు. ఆ మార్పు 2002లో జరిగింది.

కాగితం మిల్లు ఎక్కడో దూరంగా ఉందనుకోవడం సరికాదు. ఒడిశాలోని రాయగడ దగ్గర జేకేపూర్‌లో 1962 నుంచి ఒక పెద్ద కాగితం మిల్లు నడుస్తున్నది. అది నాగావళి పరీవాహక ప్రాంతం. అదే నాగావళి పార్వతీపురం మన్యం జిల్లా మీదుగా ప్రవహించి, తోటపల్లి బ్యారేజి దాటి, శ్రీకాకుళం పట్టణాన్ని ఒరుసుకుంటూ వెళ్లి కళ్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తుంది. అంటే ఎగువన కాగితం పరిశ్రమ నీటిని ఎలా వాడుతుంది, ఎలా శుద్ధిచేస్తుంది అనేది దిగువన ఉన్న మనకు సంబంధించిన విషయమే.

12.2.2 ప్రెస్సులో: సిరా, ద్రావకాలు, ప్లేట్లు

లెటర్ ప్రెస్సు కాలంలో సీసపు అక్షరాలతో పని జరిగేది. అరిగిన అక్షరాలను కరిగించి మళ్లీ పోతపోసేవారు కాబట్టి లోహం వృథా అయ్యేది కాదు. కాని సీసం దుమ్ము, పొగ పనివారి ఆరోగ్యానికి హాని చేసేవి. ఆఫ్‌సెట్ రాకతో సీసం బెడద పోయి, రసాయనాల బెడద వచ్చింది. వీటిలో ముఖ్యమైనవి:

(అ) యంత్రం కడిగే ద్రావకాలు: రంగు మార్చిన ప్రతిసారీ రోలర్లను, బ్లాంకెట్‌ను కిరోసిన్ లేదా పెట్రోలుతో తుడుస్తారు. ఇవి త్వరగా ఆవిరై గదిలోని గాలిలో కలుస్తాయి. కిటికీలు లేని గదిలో రోజంతా పనిచేసేవారికి తలనొప్పి, కళ్లమంట, చర్మవ్యాధులు వచ్చే అవకాశం ఉంది. నిప్పు ప్రమాదం కూడా ఉంది.

(ఆ) తడి ద్రావణం: ప్లేటుపై అక్షరాలు లేని భాగానికి సిరా అంటకుండా తడిపే నీటిలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుతారు. ఇదీ ఆవిరయ్యే రసాయనమే.

(ఇ) ప్లేట్ల తయారీ: అల్యూమినియం ప్లేటును క్షార ద్రావణంతో డెవలప్ చేస్తారు. వాడిన ద్రావణాన్ని అలాగే మురుగుకాలువలో పోస్తే అది చెరువుకో, ఏటికో చేరుతుంది.

(ఈ) సిరా గుడ్డలు, ఖాళీ డబ్బాలు: నూనె, సిరా పీల్చుకున్న గుడ్డలను చెత్తకుప్పలో పారవేయడం, తగలబెట్టడం రెండూ హానికరమే.

12.2.3 ముద్రణ తరువాత

పాత కాగితం తిరిగి గుజ్జుగా మారగలదు. అయితే ప్రతిసారీ నార పొట్టిదవుతుంది కనుక దాన్ని కొన్నిసార్లు మాత్రమే తిరిగి వాడగలం. అట్టపై వేసే ప్లాస్టిక్ లామినేషన్, శుభలేఖలపై అంటించే జరీ పొడి, రేకు కాగితం ఈ పనికి అడ్డుపడతాయి. అందమైన శుభలేఖ చాలాసార్లు పనికిరాని చెత్తగా మిగలడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. కాగితపు గుజ్జును తెల్లబరచడానికి క్లోరిన్ వాయువుకు బదులు దేన్ని వాడుతున్నారు?
2. ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఆవిరయ్యే రసాయనాలు ఏ పనుల్లో వాడుకలో ఉన్నాయి?

12.3 ఒక పుస్తకం లెక్క

ఆర్డరు దగ్గరే నిర్ణయం జరుగుతుందన్న మాటను ఒక లెక్కతో పరీక్షిద్దాం. డబుల్ డెమ్మీ కాగితం కొలత 23 × 36 అంగుళాలు, అంటే సుమారు 0.534 చదరపు మీటర్లు. దీన్ని మడిచి కోస్తే 16 ఆకులు, అంటే 32 పేజీలు వస్తాయి. మీ పాఠ్యపుస్తకాల వంటి 160 పేజీల పుస్తకానికి 5 షీట్లు చాలు. 1000 ప్రతులకు 5000 షీట్లు, అంటే 10 రీములు కావాలి. (అట్టను ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు.)

70 జి.ఎస్.ఎం. కాగితమైతే ఒక షీటు బరువు 0.534 × 70 = 37.4 గ్రాములు. 5000 షీట్ల బరువు సుమారు 187 కిలోలు. ఇప్పుడు ఆదా చేయగల మూడు మార్గాలను పోల్చి చూద్దాం.

మార్గం 1: యంత్రంపై జాగ్రత్త. రంగు, అమరిక సరిచూసేటప్పుడు పాడయ్యే కాగితాన్ని 5 శాతం నుంచి 3 శాతానికి తగ్గిస్తే, 2 శాతం మిగులుతుంది. ఆదా సుమారు 4 కిలోలు.

మార్గం 2: పలుచని కాగితం. 70కి బదులు 60 జి.ఎస్.ఎం. వాడితే మొత్తం బరువు 160 కిలోలకు దిగుతుంది. ఆదా సుమారు 27 కిలోలు. అయితే మరీ పలుచని కాగితంపై రెండు వైపులా ముద్రిస్తే వెనుక అక్షరాలు కనిపిస్తాయి. కాబట్టి ముందుగా నమూనా చూసుకోవాలి.

మార్గం 3: సరైన ప్రతుల సంఖ్య. నిజంగా కావలసినవి 700 ప్రతులే అయితే 3500 షీట్లు, అంటే 131 కిలోలు సరిపోతాయి. ఆదా సుమారు 56 కిలోలు.

మొదటి మార్గం ప్రెస్సువారి చేతిలో ఉంది. మిగిలిన రెండూ ఆర్డరు ఇచ్చేవారి చేతిలో ఉన్నాయి. ఆదాలో పెద్ద వాటా వాటిదే. మరి ప్రతులు ఎందుకు ఎక్కువ వేయిస్తారు? ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు, అమరిక ఖర్చు ఒక్కసారే పడుతుంది. అందువల్ల ప్రతులు పెరిగేకొద్దీ ఒక్కో ప్రతి ధర తగ్గుతుంది. "ఏడు వందలకీ వెయ్యికీ పెద్ద తేడా లేదు" అన్న మాట అక్కడ పుట్టిందే. కాని మిగిలిన 300 ప్రతులు బీరువాలో పడి ఉండి, చివరకు చిత్తుకాగితాల బేరగాడికి చేరితే, చౌకగా దొరికింది అనుకున్నది నిజానికి వృథా ఖర్చే. తక్కువ ప్రతులకు డిజిటల్ ముద్రణ వాడటం, మళ్లీ కావలసినప్పుడు వేయించుకోవడం దీనికి మార్గం.

పేజీల సంఖ్య విషయంలోనూ జాగ్రత్త అవసరం. పుస్తకం 160కి బదులు 164 పేజీలైతే, ఆ నాలుగు పేజీల కోసం అదనంగా ప్లేటు, అమరిక, బైండింగు పని పెరుగుతాయి. రచయిత నాలుగు పేజీలు కుదించుకుంటే ఇదంతా మిగులుతుంది.

గమనిక: బరువు ఒక్కటే కొలత కాదు. యంత్రం దగ్గర వాడే ద్రావకాల పరిమాణం తక్కువైనా వాటి విషప్రభావం ఎక్కువ, దాన్ని ముందుగా భరించేది పనివారు. అందుచేత ప్రెస్సులోని చర్యలను కూడా తేలికగా తీసుకోరాదు.

12.4 ప్రెస్సులో తీసుకోదగిన చర్యలు

చిన్న ప్రెస్సు కొత్త యంత్రం కొనలేకపోవచ్చు. కింది పద్ధతులకు పెద్ద పెట్టుబడి అవసరం లేదు.

1. పనులను రంగుల ప్రకారం వరుసపెట్టడం: ఒకే రంగు పనులను ఒకదాని తరువాత ఒకటి చేయాలి. రంగు మార్చక తప్పనప్పుడు లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళ్లాలి. ఉదాహరణకు నలుపు, ఎరుపు పనులు ఆరింటిని వచ్చిన వరుసలో మార్చి మార్చి చేస్తే మధ్యలో ఐదుసార్లు యంత్రం కడగాలి. ముందు ఎరుపు పనులన్నీ, తరువాత నలుపు పనులన్నీ చేస్తే ఒక్కసారి కడిగితే చాలు.

2. ద్రావకాన్ని కొలిచి వాడటం: డబ్బా నుంచి గుడ్డ మీద ఒంపడానికి బదులు సన్నని మూతి ఉన్న సీసాతో వాడాలి. డబ్బాల మూతలు ఎప్పుడూ బిగించి ఉంచాలి. వీలైనచోట పెట్రోలుకు బదులు నెమ్మదిగా ఆవిరయ్యే, వృక్షతైలాలతో చేసిన ద్రావకాలను వాడాలి.

3. సిరా మిగులు: మిగిలిన రంగు సిరాలను కలిపి ముదురు రంగుగా మార్చి, బిల్లు పుస్తకాల వంటి పనులకు వాడవచ్చు. సోయా వంటి నూనెలతో చేసిన సిరాలు పెట్రోలియం నూనెల వాడకాన్ని తగ్గిస్తాయి.

4. ప్లేట్లు: వాడిన అల్యూమినియం ప్లేట్లకు తుక్కు ధర పలుకుతుంది. కనుక అవి సాధారణంగా వృథా కావు. ప్రతి ప్రెస్సూ ప్లేట్లు సొంతంగా డెవలప్ చేసుకోవడం కంటే, అనేక ప్రెస్సులకు ఒకే ప్లేట్ల కేంద్రం ఉంటే వాడిన ద్రావణాన్ని ఒకచోట సేకరించి శుద్ధిచేయడం తేలిక.

5. సిరా గుడ్డల సేకరణ: 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల స్ఫూర్తి ప్రకారం ఇటువంటి వ్యర్థాలను సాధారణ చెత్తలో కలపకూడదు. ఉత్తరాంధ్రకు విశాఖపట్నం దగ్గరి పరవాడలో ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది. కాని రెండు బస్తాల గుడ్డల కోసం ఒక ప్రెస్సు అంతదూరం వాహనం పంపలేదు. పట్టణంలోని ప్రెస్సుల సంఘం ఉమ్మడిగా సేకరిస్తేనే ఇది ఆచరణలోకి వస్తుంది.

12.5 ఫ్లెక్సీ సమస్య

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అరసవల్లిలో రథసప్తమి వచ్చాయంటే రోడ్ల పొడవునా స్వాగత ఫ్లెక్సీలు వెలుస్తాయి. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, నాయకుల పర్యటనలు, సంతాపాలు – అన్నింటికీ ఫ్లెక్సీయే.

ఫ్లెక్సీ అంటే పాలియెస్టర్ దారాల అల్లికపై పీవీసీ పూత పూసిన గుడ్డ. రెండు పదార్థాలు విడదీయలేనంతగా అతుక్కుని ఉండటం వల్ల దీన్ని పునర్వినియోగ పదార్థంగా మార్చడం కష్టం. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. ఆరుబయట కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, డయాక్సిన్లు వెలువడతాయి. పాత ఫ్లెక్సీలను పాకల కప్పులకు, కళ్లాల్లో ధాన్యం కుప్పలపై కప్పడానికి వాడుతుంటారు. ఇది మంచి పొదుపే. అయితే ఎండకు చిరిగిన తరువాత అవి మళ్లీ కాలువల్లోకో, మంటలోకో చేరతాయి. పునర్వినియోగం సమస్యను వాయిదా వేస్తుందే గాని తొలగించదు.

దేశవ్యాప్తంగా 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లను నిషేధించారు. అంతకుముందే, 2019లో, కేరళ పీవీసీ ఫ్లెక్సీని నిషేధించింది. మన రాష్ట్రంలో 2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించారు. మొదట 2022 నవంబరు 1 నుంచి అమలు అన్నారు, ముద్రణదారులు గడువు కోరడంతో దాన్ని 2023 జనవరి 26కు మార్చారు. ఆ తరువాత కూడా కూడళ్లలో ఫ్లెక్సీలు కనిపిస్తూనే ఉన్నాయి.

ఈ అనుభవం నుంచి రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, జీవనోపాధి. అప్పు తెచ్చి యంత్రం కొన్న యువకుడికి నిషేధం అంటే వాయిదాలు కట్టలేకపోవడం. అనేక ఇంక్‌జెట్ యంత్రాలపై పూత వేసిన నూలు గుడ్డను కూడా ముద్రించవచ్చు. కాని గుడ్డ ధర ఎక్కువ కాబట్టి ఖాతాదారు ముందుకు రాడు. రెండవది, గిరాకీ. స్వాగత ఫ్లెక్సీలో దేవుడి బొమ్మ కన్నా దాతల ఫొటోలే ఎక్కువ. ఏటా కొత్తది వేయించడానికి కారణం కూడా అదే. ఉత్సవ కమిటీలు సంవత్సరం, దాతల పేర్లు లేకుండా గుడ్డపై స్వాగత తోరణాలు వేయించుకుంటే వాటిని ఏళ్ల తరబడి వాడవచ్చు. ముద్రణదారుకు గుడ్డ పని దొరుకుతుంది, కమిటీకి ఖర్చు తగ్గుతుంది. ఇక్కడ కూడా మార్పు మొదలు కావలసింది ఆర్డరు దగ్గరే.

12.6 స్థానిక నార వనరులు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు గోగునార సాగుకు, జనపనార మిల్లులకు పేరుపొందాయి. నెల్లిమర్ల, జీగిరాం వంటి చోట్ల మిల్లులు వేలాది కుటుంబాలకు ఆధారంగా ఉండేవి. ప్లాస్టిక్ సంచుల పోటీ, ముడిసరుకు కొరత వంటి కారణాలతో ఈ పరిశ్రమ దెబ్బతిని, మిల్లులు పదేపదే మూతపడ్డాయి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా స్థానంలో గోగు పంటపై పరిశోధన జరుగుతున్నది.

గోగు జాతికి చెందిన కెనాఫ్ మొక్క నుంచి కాగితపు గుజ్జు తీయవచ్చని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధనల్లో తేలింది. 1987లో అక్కడ కెనాఫ్ కాగితంపై ఒక దినపత్రికను ప్రయోగాత్మకంగా ముద్రించారు కూడా. చెట్టు కోతకు రావడానికి ఏళ్లు పడితే, గోగు నాలుగైదు నెలల్లో చేతికొస్తుంది. కాని ఏడాది పొడవునా మిల్లుకు ముడిసరుకు అందించడం, నిల్వ, రవాణా ఖర్చులు దీనికి అడ్డంకులు. కనుక కాగితం సంగతి అలా ఉంచి, ముందుగా జనపనార సంచులు, ఫైళ్లు, గుడ్డ బ్యానర్లపై స్క్రీన్ ముద్రణను ప్రోత్సహించడం ఈ ప్రాంతానికి దగ్గరి దారి. నార రైతుకు, మిల్లు కార్మికుడికి, ముద్రణదారుకు కూడా దీనివల్ల పని దొరుకుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

1. ఫ్లెక్సీని పునర్వినియోగ పదార్థంగా మార్చడం ఎందుకు కష్టం?
2. 96 పేజీల పుస్తకం 500 ప్రతులకు ఎన్ని డబుల్ డెమ్మీ షీట్లు కావాలి?

12.7 సారాంశం

ముద్రణ ప్రభావం కాగితం మిల్లు దగ్గర మొదలై, ప్రెస్సు మీదుగా చెత్తకుప్ప వరకు సాగుతుంది. ప్రెస్సులో ద్రావకాల వాడకం తగ్గించడం పనివారి ఆరోగ్యానికి అత్యవసరం. వనరుల ఆదాలో మాత్రం ప్రతుల సంఖ్య, కాగితం మందం, పేజీల సంఖ్య, ముద్రించే పదార్థం నిర్ణయాత్మకమైనవి. ఫ్లెక్సీ నిషేధ అనుభవం చూస్తే, చట్టంతోపాటు ముద్రణదారులకు ప్రత్యామ్నాయ ఉపాధి, ఖాతాదారుల్లో మార్పు కూడా అవసరమని తెలుస్తుంది.

12.8 ముఖ్య పదాలు

జి.ఎస్.ఎం.: ఒక చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో.
రీము: 500 షీట్ల కట్ట.
బ్లాంకెట్: ఆఫ్‌సెట్ యంత్రంలో ప్లేటుపై ఉన్న సిరాను కాగితానికి చేర్చే రబ్బరు తొడుగు.
డయాక్సిన్లు: క్లోరిన్ ఉన్న పదార్థాలు సరిగా కాలనప్పుడు ఏర్పడే అతి విషపూరిత రసాయనాలు.

12.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ముద్రణలోని వివిధ దశల్లో పర్యావరణంపై పడే ప్రభావాన్ని వివరించండి.
2. ఫ్లెక్సీ నియంత్రణలో పర్యావరణ రక్షణకు, జీవనోపాధికి మధ్య సమన్వయం ఎలా సాధించవచ్చో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ద్రావకాల వాడకం తగ్గించే పద్ధతులు ఏవి?
2. ముద్రణ రంగంలో గోగునారకు గల అవకాశాలు, పరిమితులు తెలపండి.

III. అభ్యాసం
మీ ఊరిలోని ఒక ప్రెస్సును సందర్శించండి. మీ కళాశాల లేదా సంఘం ఇటీవల వేయించిన ఒక ముద్రణ పనికి ఎంత కాగితం పట్టిందో, ఎన్ని ప్రతులు మిగిలిపోయాయో లెక్కగట్టి ఒక పేజీ నివేదిక రాయండి.