బరువులు మోసే అలవాట్లు – నడుము నొప్పి: నంద్యాల, ఆళ్లగడ్డ వ్యవసాయ పనుల నేపథ్యంలో ఒక పరిశీలన

నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ నది పరీవాహకంలో విస్తరించిన నంద్యాల, ఆళ్లగడ్డ నల్లరేగడి నేలలు వరి, పత్తి, శనగ, జొన్న పంటలకు పేరుగాంచినవి. 1906లో ప్రారంభమైన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం ఈ నేలల్లో ఎకరా దిగుబడిని, పెట్టుబడిని, నీటి వినియోగాన్ని శతాబ్దానికి పైగా లెక్కిస్తూ వస్తున్నది. అయితే ఆ దిగుబడి ఇంటికి చేరేలోగా మనిషి నడుము మీదుగా ఎంత బరువు దాటుతుందన్నది సాధారణంగా ఏ లెక్కలోనూ చేరదు.

ఉదాహరణకు, ఎకరాకు 30 క్వింటాళ్ల ధాన్యం పండిందనుకుందాం. వాడుకలో ఉన్న 75 కిలోల బస్తా లెక్కన అవి 40 బస్తాలు. కళ్లం నుండి ట్రాలీకి, ట్రాలీ నుండి ఇంటికి లేదా గోదాముకు, అక్కడి నుండి తిరిగి అమ్మకానికి, ఈ విధంగా ప్రతి బస్తాను మూడు సార్లు ఎత్తితే ఒక్క ఎకరా పంటకే 9 టన్నుల ఎత్తుబడి అవుతుంది. ఎరువులు, మందునీళ్లు, పశుగ్రాసం, తాగునీరు దీనికి అదనం.

2020 నాటికి ప్రపంచవ్యాప్తంగా సుమారు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడుతున్నారని, 2050 నాటికి ఈ సంఖ్య 84 కోట్లు దాటవచ్చని అంతర్జాతీయ అంచనా. వైకల్యంతో గడిచే సంవత్సరాలకు కారణమవుతున్న సమస్యల్లో దీనిదే ప్రథమ స్థానం. గ్రామాల్లో దీనిని వయసుకో, బలహీనతకో ఆపాదించడం పరిపాటి. వయసు, పాత గాయాలు, నిద్రలేమి, మానసిక ఒత్తిడి వంటి కారణాలు కూడా ఉన్నప్పటికీ, వ్యవసాయ విస్తరణ విభాగం చేయూతతో మార్చగలిగిన కారణం ఒకటున్నది. అది బరువులు ఎత్తే, మోసే తీరు.

నడుముపై భారం ఎలా పడుతుంది?

నడుము భాగంలో ఐదు వెన్నుపూసలుంటాయి. వాటి మధ్య మెత్తలవలె డిస్కులు అమరి ఉంటాయి. ప్రతి డిస్కుకు వెలుపల గట్టి నారపొరల వలయం, లోపల నీటిశాతం అధికంగా గల జిగురు వంటి కేంద్రకం ఉంటాయి. పెద్దవారి డిస్కుల లోపలికి నేరుగా రక్తనాళాలు వెళ్లవు. పోషకాలు పక్కనున్న ఎముకల నుండి మెల్లగా ఇంకవలసిందే. అందువల్ల నారపొరల్లో ఏర్పడిన చిన్న చీలిక మానడానికి చాలా కాలం పడుతుంది. రోజూ అదే బరువును అదే భంగిమలో ఎత్తేవారికి ఆ వ్యవధి దొరకదు.

బరువెత్తేటప్పుడు వెన్నెముక గడ్డపార వలె, మీట సూత్రం ప్రకారం పనిచేస్తుంది. వెన్నెముకను నిటారుగా నిలిపే కండరాలు డిస్కు కేంద్రానికి దాదాపు 5 సెంటీమీటర్ల వెనుక మాత్రమే ఉంటాయి. చేతుల్లోని బరువు మాత్రం అంతకు ఎన్నో రెట్ల దూరంలో, ముందువైపు ఉంటుంది. 20 కిలోల బరువును నడుముకు 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే దానిని నిలపడానికి కండరాలు సుమారు 100 కిలోల బలంతో లాగాలి. అదే బరువు 50 సెంటీమీటర్ల దూరానికి జరిగితే 200 కిలోల బలం అవసరం. బరువు పెరగలేదు, దూరం మాత్రమే పెరిగింది.

ఈ లెక్కను 45 కిలోల యూరియా బస్తాకు అన్వయిస్తే విషయం స్పష్టమవుతుంది. బస్తా నడుముకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు కండరాల లాగుడు సుమారు 360 కిలోలకు చేరుతుంది. ముందుకు వంగిన పైశరీరపు బరువు ఇందులో చేరలేదు. డిస్కుపై పడే ఒత్తిడి 3,400 న్యూటన్లు, అనగా సుమారు 347 కిలోలు మించితే ప్రమాదం పెరుగుతుందని అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ 1981లో సూచించింది. అంటే నేల మీది ఎరువు బస్తాను వంగి ఎత్తిన ప్రతిసారీ ఆ హద్దు దాటినట్లే.

సిఫార్సు బరువు: ఒక లెక్క

ఇదే సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్ని పరిస్థితులు అనుకూలంగా ఉన్నప్పుడు రెండు చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలు. బరువు శరీరానికి దూరమైనా, నేలకు దగ్గరగా ఉన్నా, ఎక్కువ ఎత్తుకు లేపవలసి వచ్చినా, నడుము మెలిక తిరిగినా, పట్టు సరిగా దొరకకపోయినా, పదేపదే ఎత్తవలసి వచ్చినా ఈ పరిమితి తగ్గుతుంది.

నేలపై పడుకోబెట్టిన ఎరువు బస్తాను ట్రాలీలోకి ఎక్కించే పనిని తీసుకుందాం. బస్తాను పట్టుకునే ఎత్తు 15 సెంటీమీటర్లు, చీలమండల నుండి చేతుల దూరం 40 సెంటీమీటర్లు, ట్రాలీ ఎత్తు ఒక మీటరు, నడుము మెలిక 45 డిగ్రీలు, పట్టు అంతంతమాత్రం, నిమిషానికొక బస్తా చొప్పున గంటలోపు పని అనుకుంటే సిఫార్సు బరువు 7.5 కిలోలకు పడిపోతుంది. ఎత్తుతున్నది 45 కిలోలు, అనగా ఆరు రెట్లు.

ఇప్పుడు బస్తాలు 75 సెంటీమీటర్ల ఎత్తైన అరుగుపై ఉన్నాయనుకుందాం. పనివాడు దగ్గరగా నిలబడి, మెలిక తిరగకుండా, అదే ఎత్తు నుండి మీటరు ఎత్తుకు చేర్చితే సిఫార్సు బరువు 19.5 కిలోలకు పెరుగుతుంది. మనిషి అతడే, బస్తా అదే. పని అమరిక మారినందువల్ల పరిమితి రెండున్నర రెట్లకు పైగా పెరిగింది. ఆ బస్తాను ఇద్దరు కలిసి పట్టుకుంటే ఒక్కొక్కరి వాటా 22.5 కిలోలు, సురక్షిత పరిమితికి కొంచెమే ఎక్కువ. ఇదే పద్ధతిలో 75 కిలోల ధాన్యం బస్తాను ఇద్దరు ఎత్తినా ఒక్కొక్కరి వాటా 37.5 కిలోలు. ఎంత నేర్పుతో ఎత్తినా ఆ బరువు పరిమితిలోకి రాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ సూత్రం రెండు చేతులతో ఎత్తే పనికే వర్తిస్తుంది. తల మీద, భుజాన, చంకన మోసే బరువులను వేరుగా పరిశీలించాలి.

నిత్యం మోసే బరువులు

స్ప్రేయర్: పత్తి, శనగ చేలల్లో వాడే 16 లీటర్ల స్ప్రేయర్ నిండితే దాని బరువు 20 కిలోలు మించుతుంది. అసలు ఇబ్బంది మోయడంలో కన్నా నేల మీద నుండి వీపుకెత్తుకోవడంలోనే ఉన్నది. ఒక పట్టీని భుజానికి తగిలించుకుని, వంగి, మెలిక తిరిగి లేచే క్షణంలో డిస్కుపై వంపు, మెలిక, బరువు మూడూ కలిసి పనిచేస్తాయి. చేతి పంపులో ఒక చేత్తో నిరంతరం మీటను కదిలించడం వల్ల శరీరం ఒకవైపు వాలుతుంది. బ్యాటరీ స్ప్రేయర్ ఈ శ్రమను తగ్గిస్తుంది కాని బరువును తగ్గించదు. ట్యాంకును నడుమెత్తు గట్టుపైనో బల్లపైనో నింపి, అక్కడే రెండు పట్టీలూ వేసుకుని లేవడం, వెడల్పాటి పట్టీలు వాడడం, నడుము సమస్య ఉన్నవారు సగం ట్యాంకుతో రెండు విడతలుగా పిచికారీ చేయడం మేలు.

తలమూట: గడ్డిమోపు, గంప తలపై ఉన్నప్పుడు బరువు వెన్నెముక అక్షం మీదుగా దిగుతుంది. కనుక ముందుకు లాగే మీట ప్రభావం తక్కువ. తూర్పు ఆఫ్రికా మహిళలు తమ శరీర బరువులో అయిదో వంతు దాకా తలపై మోస్తున్నప్పుడు అదనపు శక్తి ఖర్చు కనిపించలేదని 1986లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. దక్షిణాఫ్రికాలో తరువాత జరిగిన అధ్యయనాల్లో ఈ ఆదా అందరిలోనూ కనిపించలేదు. మెడనొప్పి మాత్రం కనిపించింది. తలమూటలో నడుముకు ప్రమాదం మూటను ఒంటరిగా తలకెత్తుకునేటప్పుడు, దించేటప్పుడు ఎక్కువ. వానకు నానిన నల్లరేగడి గట్లపై కాలు జారినప్పుడు కండరాలు ఒక్కసారిగా బిగుసుకోవడం మరొక ప్రమాదం.

చంకన బిందె, బిడ్డ: ఒకవైపు బరువు ఉన్నప్పుడు శరీరం పడిపోకుండా ఎదుటి వైపు నడుము కండరాలు పట్టి ఉంచుతాయి. ఏళ్ల తరబడి ఒకే చంక అలవాటైతే ఆ కండరాలకు విశ్రాంతి ఉండదు. ఒకే చేత్తో నిండు బకెట్టు మోయడం కూడా ఇటువంటిదే. ఒక నిండు బకెట్టుకు బదులు రెండు సగం బకెట్లను రెండు చేతుల్లో మోస్తే బరువు అంతే, నడుము పక్కకు వంగే బాధ ఉండదు. పూర్వీకుల కావడి ఆధారపడినది ఈ సమతౌల్యం మీదే.

రాయి నేర్పే పాఠం

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు ప్రసిద్ధి. టన్నుల బరువుండే రాయిని ఏ శిల్పీ చేతులతో ఎత్తబోడు. గడ్డపారతో మీటడం, దుంగలపై దొర్లించడం, గొలుసు కప్పీతో లేపడం అనాదిగా అబ్బిన విద్యలు. ఎత్తలేని బరువు మనిషిని సాధనం వెతుక్కునేలా చేస్తుంది. కష్టపడితే ఎత్తగలిగే 45, 50, 75 కిలోల బరువుల దగ్గరే అటువంటి ఆలోచన కలగదు. వాటిని ఎత్తడం బలానికి, మగతనానికి గుర్తుగా కూడా మారింది. వ్యవసాయంలో నడుమును ఎక్కువగా దెబ్బతీసేవి ఈ మధ్యరకం బరువులే.

సలహా ఒక్కటే చాలదు

మోకాళ్లు వంచి ఎత్తాలి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి అన్నవి సరైన సూచనలే. కాని బరువులెత్తే పద్ధతులపై శిక్షణ ఒక్కటే ఇవ్వడం వల్ల పనివారిలో నడుము నొప్పి తగ్గినట్లు ఆధారాలు లేవని 2011 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. బస్తాకు ఇంతని కూలి దొరికే హమాలీకి తీరికగా మోకాళ్లు వంచే వెసులుబాటు ఉండదు. బస్తా బరువు, దానిని పెట్టే ఎత్తు, తోడు మనిషి ఉండడం, ఈ మూడింటిలో ఏదీ అతడి చేతిలో లేదు.

ఈ నిర్ణయాలు మారగలవని చెప్పడానికి ఉదాహరణలున్నాయి. వినియోగం తగ్గించాలన్న ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2018 నుండి యూరియా బస్తాను 50 నుండి 45 కిలోలకు తగ్గించింది. నడుము కోసం కాకపోయినా, ఒక్క ఉత్తర్వుతో దేశమంతటా బస్తా బరువు మారింది. గరిష్ట బరువుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన 127వ ఒడంబడికను భారతదేశం 2010లో ఆమోదించింది. దానికి అనుబంధమైన 128వ సిఫార్సు వయోజన పురుషుడికి 55 కిలోలను హద్దుగా పేర్కొని, మహిళలకు అంతకంటే గణనీయంగా తక్కువ ఉండాలన్నది. 75 కిలోల ధాన్యం బస్తా పురుషుల హద్దునే దాటుతున్నది.

పరిశోధన కూడా ఈ దిశలో తెలియకుండానే ఒక అడుగు వేసింది. శనగ కోత వంగి చేసే పని. నిటారుగా, ఎత్తుగా పెరిగి యంత్రకోతకు అనువైన ఎన్‌బిఇజి 47 (ధీర) రకం నంద్యాల స్థానం కృషి ఫలితమే. దాని ప్రయోజనాన్ని కోత ఖర్చు ఆదాగానే లెక్కిస్తున్నారు. వంగవలసిన అవసరం లేని పనిగంటలను కూడా లెక్కిస్తే ఆ రకం విలువ మరింత పెరుగుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు చేపట్టదగిన పనులు

• గ్రామంలో ఎరువులు, విత్తనాలు దించే చోట్ల 75 సెంటీమీటర్ల ఎత్తు అరుగులు, ట్రాలీలకు వాలు పలకలు, రెండు చక్రాల తోపుడు బండ్లు ప్రదర్శించడం.
• ధాన్యాన్ని 75 కిలోలకు బదులు చిన్న సంచుల్లో నింపేలా రైతు ఉత్పత్తిదారుల సంఘాలను, వ్యాపారులను ఒప్పించడం. కూలిని బస్తాకు కాక క్వింటాలుకు నిర్ణయిస్తే చిన్న సంచి వల్ల హమాలీ నష్టపోడు.
• స్ప్రేయర్ శిక్షణలో మందు మోతాదుతో పాటు నింపే ఎత్తు, పట్టీల అమరిక నేర్పడం.
• క్షేత్ర ప్రదర్శనల నివేదికల్లో దిగుబడి, ఖర్చులతో పాటు ఎత్తిన బరువు, ఎత్తిన సార్లు, వంగి చేసిన పనిగంటలను నమోదు చేయడం. విద్యార్థులు కొలత టేపు, కాటాతో చేయగల పని ఇది.

వైద్యం ఎప్పుడు?

సాధారణ నడుము నొప్పికి రోజుల తరబడి మంచం పట్టడం మేలు చేయదు. ఓర్చుకోగలిగినంత మేరకు నడక, తేలిక పనులు కొనసాగించడం మంచిది. కాలిలో బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి కలిగినా, జ్వరంతో లేక పడిన దెబ్బతో నొప్పి మొదలైనా ఆలస్యం చేయకుండా వైద్యుని సంప్రదించాలి.

ముగింపు

నడుము నొప్పితో పని మానిన హమాలీకి ఆ రోజు కూలి లేదు. బిందె ఎత్తలేని తల్లి పని ఆ ఇంటి ఆడపిల్లపై పడుతుంది. ఈ నష్టం ఏ పంట ఖర్చు పట్టికలోనూ కనిపించదు. బరువును ఒంటికి దగ్గర చేయడం, నేల నుండి నడుమెత్తుకు తేవడం, ఒకరి బరువును ఇద్దరికి పంచడం, బస్తానే చిన్నది చేయడం అన్నవి పెద్ద పెట్టుబడి అవసరం లేని మార్పులు. నేర్పుగా ఎత్తమని చెప్పడానికి ముందు, నేర్పుగా ఎత్తే వీలున్న బరువును, ఎత్తును పనివారికి సమకూర్చడం వ్యవసాయ విస్తరణ బాధ్యత.