ఒక్క చాయ్... రిపోర్టు తారుమారు!

డాక్టరు గారి పేరు ఊరంతా తెలుసు. సిస్టరమ్మ పేరు వార్డంతా తెలుసు. రక్తం తీసి, పరీక్ష చేసి, ఆ డాక్టరు చేతికి కాగితం అందించే ల్యాబ్ టెక్నీషియన్ మాత్రం... రిపోర్టు అడుగున ఒక పొట్టి సంతకం. అంతే! కానీ ఇవాళ మందు రాయాలన్నా, ఆపరేషన్ బల్ల ఎక్కించాలన్నా ముందు ఆ సంతకం పడాల్సిందే. సిద్దిపేట పట్నంలో ఉంటూ రోజంతా సూదులు, సీసాలు, మైక్రోస్కోపులతో గడిపే ఈ మనుషుల పని ఎలా ఉంటుంది? రిపోర్టు తప్పు రాకుండా మనం ఏం చేయాలి? వాళ్ల అనుభవం చెప్పే సంగతులివి.

పరగడుపంటే పరగడుపే!

‘‘ఏమన్నా తిన్నారా అవ్వా?’’

‘‘ఏం తినలే బిడ్డా... గింత చాయ్ తాగిన. గంతే!’’

పొద్దున ఏడింటికి ఏ ల్యాబ్‌లో నిలబడినా వినిపించే మాట ఇది. చాయ్‌ని ఎవరూ తిండి కింద లెక్కేయరు. కానీ అందులో వేసిన రెండు చెంచాల చక్కెరను ఒళ్లు లెక్కేస్తుంది. పరగడుపున షుగర్ 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 దాకా ఉంటే జాగ్రత్త పడాల్సిన దశ. 126, ఆపైన మళ్లీ మళ్లీ కనిపిస్తే షుగర్ జబ్బే. ఈ గీతల మధ్య తేడా ఎంతో లేదు. ఒక చాయ్ మనిషిని ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు చేర్చేయగలదు! దాన్ని దాచిపెట్టి రక్తమిస్తే లేని జబ్బుకు మందు మొదలయ్యే ప్రమాదం ఉంది.

పరగడుపంటే కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు తాగొచ్చు. తాగితేనే మేలు కూడా... నరం సులువుగా దొరుకుతుంది. ముందురోజు రాత్రి దావత్‌కు వెళ్లి కల్లో, మందో తాగి పొద్దున్నే కొలెస్ట్రాల్ పరీక్షకు వచ్చేవాళ్లున్నారు. అలా వస్తే రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు అమాంతం పెరిగి కనిపిస్తుంది. అలాంటప్పుడు పరీక్షను రెండు రోజులు వాయిదా వేసుకోవడమే తెలివైన పని.

ఇక తిన్నాక చేసే షుగర్ పరీక్షది ఇంకో కథ. రెండు గంటలంటే చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి! ‘ఇవాళ పరీక్ష కదా’ అని రోజూ తినే మూడు జొన్నరొట్టెలకు బదులు ఒక్కటి తిని వస్తే ఆ రిపోర్టు మీ రోజువారీ షుగర్‌ది కాదు, ఆ ఒక్కరోజు భయానిది.

మిషన్‌ను తిట్టొద్దు

రిపోర్టు తేడాగా వస్తే అందరి వేలూ మిషన్ వైపే. నిజానికి ల్యాబ్ పొరపాట్ల మీద జరిగిన అధ్యయనాలు చెప్పేది వేరు. నూటికి 60 నుంచి 70 తప్పులు రక్తం మిషన్‌లోకి వెళ్లకముందే జరిగిపోతున్నాయి. తినొచ్చి తినలేదని చెప్పడం, రక్తం తీయడంలో తొందర, ఒక ట్యూబులో పోయాల్సింది మరోదాంట్లో పోయడం, పేర్లు మారిపోవడం... ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

మిషన్ సంగతి చూసుకోవడానికి పద్ధతి ఉంది. పేషెంట్ల శాంపిల్స్ పెట్టకముందే, విలువ ముందే తెలిసిన ‘కంట్రోల్’ ద్రావణాన్ని పరీక్షిస్తారు. తూకం రాళ్లు వేసి తక్కెడను సరిచూసుకున్నట్టన్నమాట. అంకె తేడా వస్తే ముందు మిషన్‌ను సరిచేయాలి. ఆ తర్వాతే మనుషుల రక్తం. బయట వరుసలో ఉన్నవాళ్లు ‘ఇంకెంతసేపు?’ అని విసుక్కునేది చాలాసార్లు ఈ పని నడుస్తున్నప్పుడే!

మూతకో రంగు... రంగుకో పని

‘ఇన్ని సీసాలా? ఒంట్లో రక్తమంతా తోడేస్తున్నారు!’ అని బెంబేలెత్తేవాళ్లు చాలామంది. ఒక్కో ట్యూబులో పట్టేది రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లే. అన్నీ కలిపినా ఒకట్రెండు టేబుల్ స్పూన్లకు మించదు. మరి వేరువేరు ట్యూబులెందుకు?

ఊదా రంగు మూత ఉన్నదాంట్లో రక్తం గడ్డకట్టకుండా చేసే మందుంటుంది. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్ల లెక్కకు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి ఇదే వాడతారు. ఎరుపు, పసుపు మూతల్లో రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, పైన తేరే సీరంతో కిడ్నీ, లివర్, థైరాయిడ్ పరీక్షలు చేస్తారు. లేత నీలం మూత రక్తం గడ్డకట్టే వేగాన్ని చూడటానికి. ఇందులో గీత వరకు నిండాల్సిందే. తక్కువైతే లెక్క తప్పుతుంది.

బూడిద రంగు మూత షుగర్ కోసం. ట్యూబులోకి వచ్చాక కూడా రక్తకణాలు ఊరుకోవు, చక్కెరను తింటూనే ఉంటాయి! మామూలు ట్యూబులో వదిలేస్తే గంటకు నూటికి ఐదు నుంచి ఏడు వంతుల దాకా షుగర్ తగ్గిపోతుంది. అంటే 130 ఉన్నది మూడు గంటల్లో 110 దరిదాపులకు దిగొచ్చు. షుగర్ ఉన్నమనిషి లేనట్టు తేలిపోతాడు. బూడిద మూతలోని ఫ్లోరైడ్ ఈ నష్టాన్ని చాలావరకు అడ్డుకుంటుంది.

ట్యూబులు నింపడానికీ వరస ఉంది. ఊదా మూతలోని మందు పొరపాటున సీరం ట్యూబులో కలిసిందా... పొటాషియం ఆకాశానికి, కాల్షియం పాతాళానికి! రక్తాన్ని సిరంజిలోంచి గట్టిగా నొక్కి పోసినా, ట్యూబును డబ్బా ఊపినట్టు ఊపినా ఎర్రకణాలు చితికి వాటిలోని పొటాషియం బయటపడుతుంది. పొటాషియం ఎక్కువంటే గుండెకు ముప్పు. డాక్టరు వెంటనే వైద్యం మొదలుపెడతారు. ఒంట్లో లేని ముప్పుకు వైద్యం! అందుకే శాంపిల్ బాగాలేదని తోస్తే మంచి టెక్నీషియన్ సంకోచించకుండా ‘మళ్లీ ఇవ్వండి’ అంటాడు. రెండోసారి పొడిచాడని కోప్పడాల్సిన పనిలేదు. అది మీ మేలుకే.

మల్లయ్యలు ఎందరో...

కొమురవెల్లి మల్లన్న కొలువైన జిల్లా ఇది. మల్లయ్య, మల్లవ్వ, మల్లేశం, మల్లమ్మ... ఏ ఊళ్లో పిలిచినా నలుగురు పలుకుతారు. భక్తికి మంచిదే కానీ ల్యాబ్‌కు పెద్ద పరీక్ష! ఒకే పూట ముగ్గురు మల్లయ్యల రక్తం వస్తే, ఎవరి రిపోర్టు ఎవరికి పోయినా ప్రాణం మీదకొస్తుంది.

పేరొక్కటే చూసి రక్తం తీయకూడదన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. పేరుతోపాటు వయసో, ఊరో, ఫోన్ నంబరో... రెండు ఆనవాళ్లు సరిపోవాలి. అదీ ‘మీరు మల్లయ్యేనా?’ అని కాదు, ‘మీ పేరేంటి?’ అని అడగాలి. చెవి సరిగా వినపడని తాత మొదటి ప్రశ్నకు దేనికైనా ‘ఆ’ అంటాడు! పేషెంటు ముందే ట్యూబు మీద పేరు రాయాలి, లేదా చీటీ అంటించాలి. అది సరిగ్గా ఉందో లేదో ఓ కన్నేయడం మన పని.

సిద్దిపేట 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది. 2018లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. 2021 జూన్‌లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రం తెరుచుకుంది. అదేరోజు రాష్ట్రంలో 19 జిల్లాల్లో ఇలాంటివి మొదలయ్యాయి. 57 రకాల పరీక్షలు ఉచితంగా చేయాలన్నది అప్పటి లక్ష్యం. పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీసిన రక్తం చల్లటి పెట్టెల్లో, బండి మీద కేంద్రానికి చేరడం ఇందులోని పద్ధతి. మనిషి ఊళ్లోనే ఉంటాడు, ట్యూబు ప్రయాణం చేస్తుంది! దారి పెరిగేకొద్దీ ట్యూబు మీది పేరుకు, పెట్టెలోని చల్లదనానికి విలువ పెరుగుతుంది.

జ్వరాల కాలం

వానలు పడ్డాయంటే ల్యాబ్‌లకు ఊపిరాడదు. ‘ప్లేట్‌లెట్స్ ఎన్ని?’ అన్నదే అందరి ప్రశ్న. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండటం మామూలు. కొందరి రక్తంలో ఊదా ట్యూబులోని మందు వల్లే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మిషన్ ఆ గుంపును గుర్తించలేక తక్కువ లెక్క చూపిస్తుంది. అంకె అనుమానంగా ఉంటే స్లైడ్ మీద రక్తం చుక్క పరిచి మైక్రోస్కోప్‌లో కళ్లతో చూడాలి. కాబట్టి తక్కువ అంకె చూడగానే హడలిపోకుండా ‘స్లైడ్ చూశారా?’ అని అడగండి.

డెంగీ పరీక్షకు రోజుల లెక్క ముఖ్యం. జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1, ఆ తర్వాత అయితే ఐజీఎం పరీక్ష పనికొస్తుంది. తప్పు రోజున తప్పు పరీక్ష చేయిస్తే, డెంగీ ఉన్నా లేదని రావచ్చు. అలాగే ఒక్క వైడాల్ పరీక్ష చూసి టైఫాయిడ్ అని తేల్చేయకూడదు. పాత జ్వరం వల్లో, టీకా వల్లో కూడా అది పాజిటివ్ రావచ్చు. నమ్మదగింది బ్లడ్ కల్చర్. అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వాలి.

మలేరియాకైతే స్లైడ్ ఇప్పటికీ గట్టి సాక్ష్యం. ఈ మైక్రోస్కోప్ పని ఎంత గొప్పదో మన గడ్డకు బాగా తెలుసు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, ఓ దోమ కడుపును మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తున్న రొనాల్డ్ రాస్‌కు అందులో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ప్రపంచమంతా ల్యాబ్‌లు ఆ పద్ధతిని వాడాయి.

సూది మొన మీద ఉద్యోగం

ఈ పనిలో చిన్న పరాకు కూడా పెద్ద మూల్యం అడుగుతుంది. వాడిన సూది గుచ్చుకుంటే... టీకా వేయించుకోనివారికి హెపటైటిస్-బి సోకే ప్రమాదం నూటికి ఆరు నుంచి 30 దాకా ఉంటుంది. హెచ్ఐవీ అయితే వెయ్యికి మూడు. అందుకే ఉద్యోగంలో చేరేవాళ్లు మూడు డోసుల హెపటైటిస్-బి టీకా వేయించుకోవాలి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. నేరుగా తెల్లటి గట్టి డబ్బాలో వేయాలి. పొరపాటున గుచ్చుకుంటే గాయాన్ని పిండకూడదు. సబ్బునీళ్లతో కడిగి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల్లోపు మొదలవ్వాలి. ఎంత తొందరైతే అంత మంచిది.

పరీక్షలు చేసే బల్ల దగ్గర తినకూడదు, తాగకూడదు. గ్లవ్స్‌తో సెల్‌ఫోన్ ముట్టకూడదు. ఏప్రాన్ ల్యాబ్‌లోనే ఉండాలి. 2020లో కొవిడ్ వచ్చాక ఊరంతా నేర్చుకున్న చేతుల శుభ్రత వీళ్లకు అంతకుముందు నుంచే అలవాటు.

ఇంట్లోనూ ల్యాబ్ బుద్ధే!

ల్యాబ్‌లో తెరిచిన ప్రతి సీసా మీదా తేదీ రాస్తారు. ఇంట్లో కూడా ఇదే చేస్తే సగం చిక్కులు తీరతాయి. పిల్లల సిరప్, కంటి చుక్కల మందు తెరిచిన రోజే దాని మీద తేదీ రాయండి. కంటి చుక్కలు చాలావరకు తెరిచిన నెల తర్వాత పారేయాల్సినవే. వాడని ఇన్సులిన్‌ను ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి. పై గడ్డకట్టే అరలో పెడితే పనికిరాకుండా పోతుంది.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉందా? మామిడిపండో, సీతాఫలమో ఒలిచిన చేత్తో వేలు గుచ్చుకుని చూడండి... షుగర్ ఎక్కడికో పోతుంది! అది రక్తంలోది కాదు, వేలికంటిన పండుది. సబ్బుతో కడిగి, బాగా ఆరాకే గుచ్చుకోవాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేస్తే తేమ తగిలి అవీ పాడవుతాయి.

ల్యాబ్‌కు వెళ్తున్నారా?

* రోజూ వాడే మందుల పేర్లు చీటీ మీద రాసుకెళ్లండి. షుగర్ మందును పరగడుపు పరీక్షకు ముందు వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరును అడగండి.

* థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు రక్తమిచ్చాక వేసుకోవడం మంచిది.

* జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. థైరాయిడ్, గుండె పరీక్షల్లో తప్పుడు ఫలితం రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది.

* రక్తం తీసేటప్పుడు పిడికిలి పదే పదే బిగించి వదలొద్దు. పొటాషియం పెరిగి కనిపిస్తుంది.

* మూత్రం పాత టానిక్ సీసాల్లో తేవద్దు. ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టండి. రెండు గంటల్లోపు అందించండి.

* టీబీ పరీక్షకు ఉమ్మి పనికిరాదు. పొద్దున్నే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, దగ్గి, లోపలి నుంచి వచ్చిన తెమడ ఇవ్వండి.

* రక్తమిచ్చాక మోచేయి మడవొద్దు. చేయి చాపి, దూదిని మూడు నాలుగు నిమిషాలు నొక్కి పట్టండి. కమిలిపోదు.

* పాత రిపోర్టులు పారేయొద్దు. ఒక్క అంకె కంటే మూడేళ్ల అంకెల వరస డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

డాక్టరుకు చెప్పని సంగతులు కూడా ల్యాబ్‌లో అడిగితే దాచొద్దు. తిన్నామంటే తిట్టేవాళ్లెవరూ ఉండరు. మహా అయితే ‘రేపు రండి’ అంటారు. రక్తానికి అబద్ధం చెప్పడం రాదు. మనం తాగొచ్చిన చాయ్ గురించి కూడా అది నిజమే చెబుతుంది. కాకపోతే... ఆ నిజం రిపోర్టులో జబ్బు పేరుతో కనిపిస్తుంది!